మొరిగే కుక్కకే మకాంలో చోటు

మొరిగే కుక్క కరవదని మనం కాస్త చులకనగా అంటాం. ఉత్తర స్వీడన్‌లో మూస్ అనే భారీ జింకజాతి జంతువు వేటకు వెళ్లేవాళ్లను అడిగితే సరిగ్గా అలాంటి కుక్కే కావాలంటారు. అక్కడ ఏటా సెప్టెంబరు మొదటి సోమవారం వేట మొదలవుతుంది. ఊళ్లోవాళ్లు, సెలవు పెట్టి పట్నం నుంచి వచ్చిన చుట్టాలు అంతా కలిసి అడవి అంచున చెక్క గుడిసెల్లో మకాం వేస్తారు. వాళ్లతోపాటు కుక్కలూ దిగుతాయి. బూడిదరంగు బొచ్చు, నిక్కబొడుచుకున్న చెవులు, వీపు మీదికి చుట్టుకున్న తోక. యామ్త్‌హుండ్ అనే ఈ జాతి కుక్క మహా అయితే ముప్పై కిలోలకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. అది వెతికి పట్టుకోవాల్సిన మూస్ నాలుగైదు వందల కిలోల జంతువు. మన కణుజు దాని పక్కన నిలబడితే దూడలా కనిపిస్తుంది.

ఇంత చిన్న కుక్క అంత పెద్ద జంతువును కరిచి ఆపలేదు. దాని పని వేరే. తెల్లారుతూనే గొలుసు విప్పి వదిలేస్తారు. గాలివాలు చూసుకుంటూ కిలోమీటర్లు తిరిగి మూస్‌ను కనిపెడుతుంది. దాని కాళ్లకు అందనంత దూరంలో నిలబడి మొరగడం మొదలుపెడుతుంది. అలా గంటల తరబడి మొరుగుతూనే ఉంటుంది. ఆ అరుపు విని వేటగాడు అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చేదాకా జంతువును అక్కడే నిలిపి ఉంచాలి. కుక్క మరీ దగ్గరికి పోతే మూస్ పారిపోతుంది. దూరం ఎక్కువైతే పట్టించుకోకుండా మేతకు పోతుంది. సరైన దూరం ఎంతో తెలిసిన కుక్కకు ఆ ప్రాంతంలో గొప్ప పేరు.

అసలు మూస్ ఎందుకు నిలబడుతుంది? ఒక్క గిట్ట దెబ్బతో కుక్కను చంపగలదు, పరుగెత్తితే దాన్ని దాటి వెళ్లిపోగలదు. జవాబు తోడేళ్ల దగ్గర దొరుకుతుంది. అమెరికాలో సుపీరియర్ సరస్సు నడుమ ఐల్ రాయల్ అనే దీవి ఉంది. అక్కడి తోడేళ్లనూ మూస్‌లనూ శాస్త్రవేత్తలు 1958 నుంచి కనిపెట్టి చూస్తున్నారు. తోడేళ్ల మంద ఎదురైనప్పుడు పరుగు లంకించుకున్న మూస్ ప్రమాదంలో పడుతుంది. నిలబడి తిరగబడ్డ మూస్‌ను తోడేళ్లు కాసేపు చూసి, లాభం లేదనుకుని, చాలాసార్లు వదిలేసి పోతాయి. కాబట్టి కుక్కలాంటిది ఎదురైతే నిలబడి తలపడడమే మంచిదని వేల ఏళ్ల అనుభవం మూస్ ఒంట్లో ఇంకిపోయింది. కుక్కను అది పొట్టి తోడేలుగానే లెక్క వేస్తుంది. తోడేలు విషయంలో ఆ లెక్క సరైనదే. ఇక్కడ మాత్రం అదే కొంప ముంచుతుంది, ఎందుకంటే తోడేలు వేటలో మొరగదు. మొరిగి ఎవరిని పిలుస్తుంది? కుక్కకు పిలవడానికి తుపాకీ పట్టుకున్న మనిషి ఉన్నాడు. మూస్ దృష్టంతా కుక్క మీదే ఉంటుంది. అసలు ప్రమాదం చెట్ల చాటున, గాలికి ఎదురుగా నడిచి వస్తుంటుంది.

తోడేళ్లు మొరగడం అరుదు. ఏదో హెచ్చరికగా ఒకటి రెండు సార్లు. అదేపనిగా మొరగడం కుక్క మనిషి దగ్గరకు చేరాక పెరిగిన గుణం. రాత్రిపూట వీధికుక్కల రాగాలకు నిద్ర చెడినప్పుడు నేను కూడా ఈ గుణాన్ని తిట్టుకుంటాను. మకాం వేసుకుని బతికిన మనిషికి మాత్రం అది కావలసిన గుణమే.

ఈ కుక్కల వల్ల నిజంగా లాభముందా, లేక అలవాటు కొద్దీ తీసుకెళ్తారా అని ఫిన్లాండ్ పరిశోధకులు లెక్క కట్టి చూశారు. 2004లో అచ్చయిన ఆ అధ్యయనం ప్రకారం పదిమంది కంటే తక్కువ ఉన్న వేట బృందాలు కుక్కతో వెళ్లినప్పుడు, కుక్క లేనప్పటి కంటే సగానికి మించి ఎక్కువ వేట సాధించాయి. చిన్న బృందానికి కుక్క ఇద్దరు ముగ్గురు మనుషుల పెట్టు అన్నమాట.

ముక్కు సంగతీ చెప్పుకోవాలి. వాసన పసిగట్టే జన్యువులు పనిచేసేవి మనకు దాదాపు 400, కుక్కకు దాదాపు 800. కానీ అసలు మర్మం ముక్కు కట్టుబడిలో ఉంది. మనం వదిలిన ఊపిరి వచ్చిన దారినే పోయి, ముందున్న వాసనను చెదరగొడుతుంది. కుక్క ముక్కుపుటాలకు పక్కన చీలికలు ఉంటాయి. వదిలిన గాలి ఆ చీలికల్లోంచి పక్కలకు, వెనక్కు పోతుంది. ముందున్న వాసన చెదరదు, పైగా కొత్త గాలి లోపలికి లాగినట్టు వస్తుంది. అయితే దీనికో ఇబ్బంది ఉంది. కుక్కకు పాదాల అడుగున తప్ప చెమట పెద్దగా పట్టదు, ఒళ్లు చల్లార్చుకోవాలంటే నాలుక బయటపెట్టి రొప్పాల్సిందే. రొప్పుతూ వాసన చూడడం కష్టం. అందుకే ఎండెక్కాక ఎంత మేటి కుక్కయినా ముక్కు సగం మూసుకున్నట్టే.

వేట అంతా గురి తప్పకుండా సాగదు. గాయపడ్డ జంతువు పొదల్లో పడి రోజుల తరబడి నరకయాతన పడడం ఎవరికీ ఇష్టముండదు. స్వీడన్‌లో దీనికి చట్టమే ఉంది. మూస్‌లాంటి పెద్ద జంతువులను వేటాడేటప్పుడు, నెత్తుటి జాడ పట్టగల కుక్క రెండు గంటల్లోపు అక్కడికి చేరేలా ముందే ఏర్పాటు ఉండాలి. మకాంలో ఆ కుక్క దారి వేరు. మొరగదు, పరుగెత్తదు, పొడవాటి తాడు చివర ముక్కు నేలకు ఆనించి నెమ్మదిగా నడుస్తుంది. కుక్క పని కుక్క చేయాలి, గాడిద పని గాడిద చేయాలి అని మన సామెత. ఇక్కడ కుక్కల్లోనే ఎవరి పని వాళ్లకు పంచి పెట్టారు.

ఇంతవరకు పగటి సంగతి. నాకు ఎక్కువ ఆసక్తి కలిగించేది రాత్రి మకాం. నిప్పు వెలుగుతుంటుంది, మాంసం కోస్తుంటారు, కుక్కలు చూస్తూ కూర్చుంటాయి. కుక్క అనే జంతువు పుట్టింది ఇలాంటి చోటే కావచ్చు.

మంచుయుగపు చలికాలంలో ఉత్తర ప్రాంతాల వేటగాళ్లకు ఒక వింత చిక్కు ఉండేది. మాంసం ఉంటుంది, తినలేరు. చలికి బక్కచిక్కిన జింకలో కొవ్వు ఉండదు, ఉండేదంతా ఎర్రటి కండ. మన కాలేయం ప్రొటీన్‌ను ఒక హద్దు వరకే సంబాళించగలదు. కొవ్వూ పిండీ లేకుండా వట్టి కండ తింటూ పోతే వికారం, విరేచనాలు, కడుపు నిండినా తీరని ఆకలి, చివరికి మరణం. కుందేళ్ల మాంసం మీదే బతకబోయిన వాళ్లకు ఇలా జరిగేది కాబట్టి ఉత్తర అమెరికాలో దీనికి కుందేటి ఆకలి అనే అర్థం వచ్చే పేరు పడింది. తోడేలుకు ఆ హద్దు లేదు, వట్టి కండ మీద నెలల తరబడి బతకగలదు. ఫిన్లాండ్‌కు చెందిన మారియా లాహ్తినెన్ బృందం 2021లో దీన్ని ఆధారం చేసుకుని ఒక ఊహను ముందుకు తెచ్చింది. వేటగాళ్లు కొవ్వును, మూలుగను తాము తిని, మిగిలిన కండను తెచ్చి పెంచుకున్న తోడేలు పిల్లలకు వేసి ఉంటారు. ఒకే వేటకు పోటీ పడే రెండు జీవాలు ఒకే మకాంలో కలిసి బతకగలిగింది అందుకేనట. ఇది లెక్కలతో నిలబెట్టిన ఊహే, రుజువైన కథ కాదు. అయినా నాకు నచ్చింది. వేటలో సాయం చేస్తుందని ముందే తెలిసి తోడేలు పిల్లను ఎవరు తెచ్చుకుంటారు? మిగిలిపోయే మాంసం మాత్రం కళ్ల ముందే ఉంటుంది.

అన్నం సంగతి తర్వాత వచ్చింది. మన కుక్కలు పెరుగన్నం పెట్టినా గిన్నె నాకేస్తాయి. పిండిపదార్థాన్ని అరిగించే అమైలేజ్ జన్యువు తోడేలుకు రెండు ప్రతులే ఉంటాయి. వ్యవసాయం చేసే మనుషులతో బతికిన కుక్కల్లో అవి చాలా రెట్లు పెరిగాయి. మంచు ప్రాంతాల్లో బండి లాగే కుక్కల్లో అంతగా పెరగలేదు. వాటి పూర్వీకులది వేట మకాం తిండి, మన కుక్కలది వ్యవసాయదారుల వంటింటి తిండి.

మకాంలో కుక్క ఉండేదని ఎముకలు కూడా చెబుతాయి, అదీ ఎవరూ ఊహించని దారిలో. జోర్డాన్ ఈశాన్యంలో షుబైకా అనే చోట 11,500 ఏళ్ల కిందటి నివాసాన్ని తవ్వినప్పుడు, పైపొర కరిగిపోయిన జంతువుల ఎముకలు బోలెడు దొరికాయి. అవి కడుపులోని ఆమ్లంలో నాని వచ్చిన ఎముకలు. మనిషి మింగడానికి మరీ పెద్దవి. అంటే కుక్కలు తిని, అక్కడే ఇళ్ల మధ్య విసర్జించాయన్నమాట. వాటిని ఊరి బయటికి తరమలేదు, తిరగనిచ్చారు. సరిగ్గా ఆ కాలంలోనే అక్కడ కుందేటి ఎముకలు కూడా పెరిగాయి. చిన్నగా, వేగంగా పరిగెత్తే కుందేలును పట్టడానికి కుక్కల సాయం దొరికి ఉంటుందని పరిశోధకుల అంచనా.

ఇంకా వెనక్కి వెళ్తే జర్మనీలో బాన్-ఓబర్‌కాసెల్ సమాధి. 1914లో రాతి క్వారీ కూలీలకు బయటపడింది. దాదాపు 14,200 ఏళ్ల కిందట ఒక మగవాడు, ఒక ఆడమనిషి, వాళ్లతో ఒక కుక్కపిల్ల. దాని పళ్ల మీద గీతలను వందేళ్ల తర్వాత మళ్లీ పరిశీలిస్తే ఆ పిల్లకు డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు సోకిందని తేలింది. ఐదు నెలలు నిండకముందే జబ్బుపడి, తగ్గి, తిరగబెట్టి, మొత్తానికి ఏడు నెలల వయసులో చనిపోయింది. ఆ జబ్బులో ఎవరో నీళ్లు పట్టి, కక్కింది తుడిచి, చలికి కప్పకపోతే అన్ని వారాలు బతికేది కాదు. ఏడు నెలల రోగిష్టి కుక్కపిల్ల వేటకు ఏం పనికొస్తుంది? అయినా తమతో సమాధిలో పెట్టుకున్నారు.

అన్ని కుక్కలూ వేటకు పనికిరావని ఈనాటి లెక్కలూ చెబుతున్నాయి. నికరాగువా అడవుల్లో మయాంగ్నా, మిస్కీటో జనం కుక్కలతో చిన్న జంతువులను వేటాడతారు. మానవ శాస్త్రవేత్త జెరెమీ కోస్టర్ అక్కడ ఏ కుక్క ఎంత తెచ్చిందో రాసి పెట్టుకున్నాడు. కొన్ని కుక్కలు విపరీతంగా తెస్తాయి, కొన్ని దాదాపు ఏమీ తేవు. వయసు మీరి అనుభవం గడించినవి మెరుగు. అంతదాకా బతకడమే గగనం, జాగ్వార్లు, పాములు, జబ్బులు కాచుకుని ఉంటాయి.

కన్నడనాట ఒక కుక్క వేటలో చచ్చిపోయి శాసనానికే ఎక్కింది. మండ్యకు దగ్గరలో ఆతకూరులో క్రీ.శ. 949 నాటి శిల దొరికింది. రాష్ట్రకూట చక్రవర్తి మూడవ కృష్ణుడి కాలం. ఆయన సామంతుడు గంగరాజు బూతుగుడు తన వీరుడు మణలేరుడిని ఏం కావాలో కోరుకోమంటే, అతడు రాజు దగ్గర ఉన్న కాళి అనే వేటకుక్కను అడిగాడు. కొండ దగ్గర అడవిపంది మీదికి ఉసిగొల్పితే రెండూ పోరాడి రెండూ చచ్చాయి. కుక్క కోసం రాయి నిలబెట్టి, దాని పూజకు భూమి రాసిచ్చారు. రాజుల వేటలో కుక్కకు పేరు వచ్చేది ఇలా పంది కోరల మీద. స్వీడన్ మూస్ వేటగాడైతే కాళి పద్ధతి తప్పంటాడు. అంత దగ్గరికి పోకూడదుగా.

అయితే స్వీడన్‌లోనూ కుక్కలు చస్తున్నాయి, చంపేది తోడేలు. వేటాడి వేటాడి దాదాపు తుడిచిపెట్టిన తోడేళ్లకు అక్కడ 1966లో రక్షణ ఇచ్చారు. 1983లో వార్మ్‌లాండ్ ప్రాంతంలో మళ్లీ పిల్లలు పుట్టాయి. ఇప్పుడు కొన్ని వందలున్నాయి. మూస్‌ను నిలబెట్టి మొరిగే కుక్క, తానెక్కడున్నదీ తోడేళ్లకు కూడా చాటుతుంది. తమ ఇలాకాలోకి వచ్చిన పరాయి తోడేలుగా లెక్కకట్టి అవి దాన్ని చంపేస్తాయి. అందుకే ఇప్పుడు కుక్క మెడకు జీపీఎస్ పట్టీ, ఒంటికి రక్షణ కవచం, ఫోనులో మ్యాపు. తోడేలు జాడ కనిపించిన రోజు కొందరు కుక్కను విప్పనే విప్పరు. గ్రామాల్లో తోడేళ్ల మీద ఉన్న కోపంలో సగం ఈ కుక్కల వల్లే.

తిండి దగ్గర ఒక జాగ్రత్త. జంతువును కోసిన చోట కాలేయం, ఊపిరితిత్తులు పచ్చివే కుక్కకు విసిరేయడం పాత అలవాటు. ఆ అవయవాల్లో హైడాటిడ్ తిత్తులు, అంటే బద్దెపురుగు పిల్లదశలుండే నీటి సంచులు ఉంటే కుక్క పేగుల్లో కొన్ని మిల్లీమీటర్ల బద్దెపురుగులు తయారవుతాయి. కుక్కకు ఏమీ కాదు. దాని మలంతో బయటికొచ్చిన గుడ్లు చేతులంటి మనిషి నోట్లోకి పోతే, కాలేయంలోనో ఊపిరితిత్తుల్లోనో తిత్తి ఏళ్ల తరబడి పెరుగుతుంది. మన దగ్గర ఇదే జబ్బు గొర్రెల కబేళాల చుట్టూ తిరిగే కుక్కలతో వస్తుంది. అడవిపంది పచ్చిమాంసంతో ఇంకో ముప్పు, అవుజెస్కీ వైరస్. మనిషికి సోకడం చాలా అరుదు గానీ, కుక్క ఒళ్లంతా గీరుకుంటూ రెండు మూడు రోజుల్లో చచ్చిపోతుంది.

జబ్బు ఎదురు దిశలోనూ నడుస్తుంది. బాన్ కుక్కపిల్లకు సోకిన డిస్టెంపరే 1994లో టాంజానియాలోని సెరెంగెటిలో దాదాపు వెయ్యి సింహాలను, అంటే మూడో వంతును తీసుకుపోయింది. చుట్టుపక్కల ఊళ్ల కుక్కల నుంచే వచ్చిందని అనుమానం. 2018లో గిర్ అడవిలో వరసగా 20కి పైగా సింహాలు చనిపోయినప్పుడు కొన్నిటిలో అదే వైరస్ కనిపించింది. మన దేశంలో 1972 చట్టం వన్యప్రాణుల వేటను నిషేధించింది కాబట్టి స్వీడన్ లాంటి మకాములు ఇక్కడ ఉండవు. కుక్కలు మాత్రం చెంచు గూడేల్లోనూ, అడవి అంచు పల్లెల్లోనూ ఉంటాయి, మనుషుల వెంట అడవిలోకి పోయి వస్తాయి. అక్కడి కుక్కకు వేసే డిస్టెంపర్ టీకా రేచుకుక్కకూ, పులికీ కూడా కాపలా.

ఆతకూరు రాతి మీద ఒక షరతు కూడా చెక్కి ఉంది. భూమిని అనుభవించే పూజారి ముందు ఆ రాయికి పూజ చేయాలి, తర్వాతే భోంచేయాలి. చేయకుండా తింటే పాపం తగులుతుంది.