సముద్రం పక్కన జాగా: రిజిస్ట్రేషన్ అయినంత మాత్రాన ఇల్లు కట్టలేరు

నల్గొండలో భూముల కాగితాలు చూసే వకీలును. ఈ మధ్య నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది కోరిక ఒక్కటే: బాపట్ల, చీరాల వైపు ప్రశాంతంగా ఉండే ఏదో ఒక పల్లెలో, అలల చప్పుడు వినిపించేంత దూరంలో ఓ చిన్న ఇల్లు. వీళ్ళు రిటైరైన టీచర్లు, ఆర్టీసీ, ఇరిగేషన్ ఉద్యోగులు, పిల్లలు విదేశాల్లో స్థిరపడిన దంపతులు. కోరికను తప్పు పట్టను. నల్గొండ, మిర్యాలగూడల్లో నారాయణాద్రి ఎక్కితే బాపట్లలోనో చీరాలలోనో దిగొచ్చు, అంత దగ్గర. ఇబ్బందల్లా, ముప్పావు వంతు మంది డబ్బు కట్టేశాకే కాగితాలు పట్టుకొస్తారు.

అపోహ: "రిజిస్ట్రేషన్ అయింది గద సార్, ఇంకేం గావాలె?"

ఈ మాట వినని వారం లేదు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నమోదయ్యేది దస్తావేజు. స్టాంపు డ్యూటీ కట్టారా, ఇద్దరూ ఒప్పుకున్నారా, సర్వే నంబరు 22-ఎ నిషేధిత జాబితాలో ఉందా, ఇలాంటివి చూస్తారు. ఆ నేల మీద ఇల్లు కట్టనిస్తారా అన్నది అక్కడ తేలే విషయమే కాదు. అది తేల్చేది తీర ప్రాంత నియంత్రణ మండలం, అంటే సీఆర్‌జెడ్ నిబంధనలు. 1991లో మొదలైన ఈ నిబంధనలను 2011లో, మళ్ళీ 2019లో మార్చారు. సముద్రపు పోటు రేఖ నుంచి లోపలికి 500 మీటర్ల దాకా అవి వర్తిస్తాయి. 2011 నోటిఫికేషన్ ప్రకారం పల్లె తీరాల్లో ఆ రేఖ నుంచి 200 మీటర్ల లోపు కొత్త కట్టడాలకు వీల్లేదు. 2019లో, జనసాంద్రత చదరపు కిలోమీటరుకు 2,161 దాటిన చోట్ల దీన్ని 50 మీటర్లకు తగ్గించారు. బ్రోకర్లు ఈ 50 ఒక్కటే పట్టుకుని తిరుగుతున్నారు. మీరు కోరుకునే ప్రశాంతమైన ఊళ్ళో జనం పలచగా ఉంటారు. కాబట్టి మీకు వర్తించేది చాలాసార్లు 200 మీటర్లే.

ఇంకో మోసం కొలతలో ఉంది. పోటు రేఖ అంటే మీరు వెళ్ళిన రోజు నీళ్ళు ఎక్కడున్నాయో అది కాదు. అమావాస్య, పౌర్ణమి రోజుల పెద్ద పోటుకు నీళ్ళు ఎంత పైకి వస్తాయో అదీ. దాన్ని అధికారికంగా గుర్తించిన మ్యాపులు ఉంటాయి. దేవరకొండ వైపు నుంచి వచ్చిన ఒక రిటైర్డ్ హెడ్‌మాస్టరుకు బ్రోకరు ఆటు సమయంలో నీళ్ళ అంచు నుంచి టేపు పెట్టి 210 మీటర్లు చూపించాడు. మ్యాపు మీద చూస్తే ఆ ప్లాటు గీత లోపలే ఉంది. పంచాయతీ ప్లాను తిప్పి పంపింది. కట్టుకోలేరు, విషయం తెలిసినవాళ్ళు కొనరు. ఆయన భార్య నా ముందు కూర్చుని, పుస్తెలతాడు తప్ప బంగారమంతా అమ్మామని చెప్పింది. అలాంటప్పుడు చట్టం గురించి మాట్లాడటం ఎంత కష్టమో నాకు తెలుసు.

ఉప్పుటేర్లూ అంతే. "అది సముద్రం కాదు, వాగు" అని అమ్ముతారు. పోటు నీళ్ళు ఎక్కే ఏటి గట్లకూ ఈ నిబంధనలు ఉన్నాయి.

"పక్కన ఇళ్ళున్నాయి కదా, రిసార్టు ఉంది కదా" అంటారు. ఆ ఇల్లు నిబంధనలు రాకముందుది కావచ్చు, అక్కడే పుట్టిన మత్స్యకారులకు ఉన్న హక్కుతో కట్టింది కావచ్చు. రిసార్టు అనుమతుల దారి వేరు. అక్రమమైతే దానికీ నోటీసు వస్తుంది. కొచ్చి దగ్గర మరడులో ఫ్లాట్లు కొన్నవాళ్ళ దగ్గరా కాగితాలున్నాయి. సీఆర్‌జెడ్ ఉల్లంఘన అని సుప్రీంకోర్టు 2019లో తీర్పిస్తే, 2020 జనవరిలో ఆ భవనాలను పేలుడు పదార్థాలతో కూల్చేశారు.

జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మీద, నోటరీ కాగితం మీద కొన్నామని వచ్చేవాళ్ళకు నేను చెప్పేది మరీ చిన్నది. జీపీఏతో హక్కు బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది. తీరం వెంట సరుగుడు, జీడిమామిడి తోటల్లో డి-పట్టా భూములు, అంటే ప్రభుత్వం పేదలకు ఇచ్చినవి, చాలా ఉంటాయి. చాలావాటికి రిజిస్ట్రేషన్ కాదు కాబట్టే అలా అమ్ముతుంటారు.

అపోహ: "మన ఫ్లోరైడ్ నీళ్ళకన్నా అక్కడి నీళ్ళు నయం."

మర్రిగూడ, మునుగోడు వైపు నుంచి వచ్చేవాళ్ళు ఈ మాట అన్నప్పుడు నాకు కోపం రాదు. వంగని మోకాళ్ళతో మెట్లెక్కి వచ్చి అంటారు. కానీ నిజం చెప్పాలి. మన దగ్గర ఫ్లోరైడ్ రాతి పొరల నుంచి వస్తుంది కాబట్టి లోతుగా వేసిన బోరు మీద నమ్మకం లేకపోయినా అలవాటుగా మూడు, నాలుగు వందల అడుగులు వేస్తాం. తీరంలో ఆ అలవాటే ముంచుతుంది. ఇసుకలో తియ్యటి నీళ్ళు పలచని పొరగా ఉప్పునీటి మీద తేలుతుంటాయి. లోతుకు బోరు వేసి గట్టిగా తోడితే కిందున్న ఉప్పు పైకొస్తుంది, పక్కవాళ్ళ నీళ్ళూ చెడతాయి. అక్కడివాళ్ళు దొరువులు (ఇసుకలో తవ్విన నీటి గుంటలు), తక్కువ లోతు ఫిల్టర్ పాయింట్లు పెట్టుకున్నది అందుకే. కొనే ముందు నీళ్ళ పరీక్ష మే నెలలో చేయించండి. వానల తర్వాత ఎక్కడి నీళ్ళైనా తియ్యగానే ఉంటాయి. సముద్రపు గాలికి ఫ్లోరోసిస్ తగ్గుతుందన్నది మాత్రం ఉత్త పుకారు. ముదిరిన ఎముకల మార్పు గాలితో పోదు. ఫ్లోరైడ్ లేని నీళ్ళు తాగడం, డాక్టరుకు చూపించుకోవడం ఇంట్లో ఉండి కూడా చేయొచ్చు.

అపోహ: "వేసవి సెలవుల్లో చూసొచ్చాం, ఊరు చాలా ప్రశాంతం."

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో చేపల వేట నిషేధం. సరిగ్గా మన సెలవులు అప్పుడే. పడవలు ఒడ్డున ఉంటాయి, వలలు బాగు చేసుకుంటుంటారు. నిషేధం ఎత్తేశాక తెల్లవారుజామున ఇంజిన్లు, వేలం పాటలు, ఐసు బండ్లు, ఎండు చేపల వాసన. అది వాళ్ళ బతుకుతెరువు, మనం వెళ్ళి ఫిర్యాదు చేయకూడదు. బాపట్ల దగ్గరి సూర్యలంక బీచ్‌లో ఆదివారాలు, కార్తీక పౌర్ణమి నాడు ఇసుక వేస్తే రాలదు. కాకతీయుల కాలంలో పెద్ద రేవైన మోటుపల్లి లాంటి చోట్ల సందడి తక్కువ. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫానుల కాలం. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గరే తీరం దాటింది. అందుకే ముందు అద్దెకు ఒక వేసవి, ఒక తుఫాను కాలం ఉండి చూడమంటాను.

మిగతావి త్వరగా చెప్తా. తెలంగాణవాళ్ళు ఆంధ్రలో స్థలం కొనకూడదనే చట్టమేదీ లేదు, టెన్షన్ పడకండి. అక్కడ లెక్క సెంట్లలో, మన గుంట రెండున్నర సెంట్లు. ఇంటికి సముద్రపు ఇసుక వాడొద్దు, ఉప్పుకు ఇనుము తుప్పు పడుతుంది. ఈత వచ్చినా అలలు వెనక్కి లాగేస్తాయి, అక్కడి మత్స్యకారులు వద్దన్న చోట దిగొద్దు.

నా దగ్గరికే వచ్చినా, ఇంకే వకీలు దగ్గరికి వెళ్ళినా, బయానా ఇవ్వకముందే సర్వే నంబరు, అడంగల్, 1-బి, ఈసీ (పాత లావాదేవీలు చూపే కాగితం), ఎఫ్‌ఎంబీ (సర్వే కొలతల పటం) నకలు తీసుకెళ్ళండి. ఆ సర్వే నంబరు సీఆర్‌జెడ్ మ్యాపులో ఎక్కడ పడుతుందో రాతపూర్వకంగా అడిగి తెచ్చుకోండి. ఫోన్లో బీచ్ ఫోటోలు చూపించి "బాగుంది గద సార్" అంటే, చూసి నేను చెప్పగలిగేది ఏమీ ఉండదు.