షుగర్ మాత్రలు కిడ్నీలను తినేస్తాయా? అపోహలు - వాస్తవాలు

నేను పరిశోధన చేసేది షుగర్ మీద. కానీ శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని సోంపేట, కవిటి, కంచిలి, పలాస వైపు రక్త నమూనాలకు ఏ ఊరు వెళ్లినా నన్ను ముందుగా అడిగేది కిడ్నీల గురించే. "ఈ మాత్రలు ఏళ్ల తరబడి మింగితే కిడ్నీలు పోతాయట కదా?" అడిగినవాళ్లను తప్పుపట్టలేను. ఇంటికొకరు డయాలసిస్‌కు తిరుగుతున్న వీధుల్లో ఆ భయం లేకుండా ఎలా ఉంటుంది? నా కోపమంతా ఆ మాట పుట్టించి, వాట్సాప్‌లో తిప్పుతున్నవాళ్ల మీదే.

అపోహ: మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వాడితే కిడ్నీలు పాడవుతాయి.

వాస్తవం: పాడవవు. 1957 నుంచి మనుషులకు ఇస్తున్న మందు ఇది. కాలేయం అవసరానికి మించి రక్తంలోకి వదిలే గ్లూకోజును తగ్గించి, తాను ఏ మార్పూ లేకుండా మూత్రంలో బయటికి పోతుంది. దాన్ని బయటికి పంపేది కిడ్నీలే కాబట్టి, అవి బాగా దెబ్బతిన్నప్పుడు మందు ఒంట్లో పేరుకుపోతుంది. అందుకే ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు ఎంత బాగా వడపోస్తున్నాయో చెప్పే లెక్క) 45 కంటే తగ్గితే డాక్టర్లు మోతాదు తగ్గిస్తారు, 30 కంటే తగ్గితే ఆపేస్తారు. పుకారుకు మూలం ఇక్కడే ఉంది. "చివరికి డాక్టరే ఆపేశాడు, అంటే ఆ మాత్రే కిడ్నీని తినేసింది" అని ఊరంతా చెప్పుకుంటారు. కిడ్నీ అప్పటికే చెడింది కాబట్టి మందు ఆపారు. మందు వల్ల కిడ్నీ చెడలేదు.

మరి చెడగొట్టేది ఏది? అదుపులో లేని షుగర్, దానికి తోడు బీపీ. రక్తంలో గ్లూకోజు ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే కిడ్నీలోని సన్నని వడపోత నాళాలు దెబ్బతిని, ఆల్బుమిన్ అనే ప్రొటీన్ మూత్రంలోకి జారడం మొదలవుతుంది. ఆ దశలో నొప్పి ఉండదు, వాపు ఉండదు. కాళ్లు పొంగి ఆసుపత్రికి వచ్చేసరికి చాలా నష్టం జరిగిపోయి ఉంటుంది.

ఒక ఊళ్లో అరవై దాటిన ఒకావిడ తన మందుల సంచి నా ముందు గుమ్మరించింది. మెట్‌ఫార్మిన్ అట్టలు ఒక్క బిళ్ల కూడా తీయకుండా అలాగే ఉన్నాయి. "మా ఆయన కిడ్నీలు పోయి చచ్చిపోయాడు బాబూ, నాకూ అదే గతి పడుతుందని మానేశాను" అంది. ఆయనకు షుగర్ ఉండేదా అని అడిగాను. లేదు. ఒక్క షుగర్ మాత్ర కూడా వేసుకోని మనిషి. అదే సంచిలో నొప్పి మాత్రల అట్ట ఒకటి దాదాపు ఖాళీగా ఉంది. మోకాళ్ల నొప్పికి రోజూ ఒకటి, దుకాణంలో అడిగి కొనుక్కున్నవి. పక్కనే పేరూ ఊరూ లేని ఏదో పొడి పొట్లం. కిడ్నీకి చేటు చేసేవి రోజూ మింగుతూ, కాపాడేదాన్ని పక్కన పెట్టింది. ఆవిడ హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే పరీక్ష) పదకొండు దాటింది.

ఉద్దానం జబ్బు, అంటే ఈ ప్రాంతంలో ఎక్కువగా కనిపించే కిడ్నీ జబ్బు, షుగర్ లేనివాళ్లకు, బీపీ లేనివాళ్లకు కూడా వస్తోంది. ఇదే కారణమని ఇంకా తేలలేదు. కాబట్టి ఉద్దానంలో షుగర్ ఉన్న మనిషికి ప్రమాదం రెండు వైపుల నుంచి పొంచి ఉన్నట్టు. మిగతా ఊళ్లవాళ్ల కంటే వీళ్లే షుగర్‌ను మరింత గట్టిగా అదుపులో పెట్టుకోవాలి.

ఇంకో ప్రమాదకరమైన నమ్మకం: "మందులు మానేశాక నా షుగర్ దానంతట అదే తగ్గింది." ఇలా అన్నవాళ్లకు వెంటనే కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించమంటాను. ఒంట్లోని ఇన్సులిన్‌లో కొంత భాగాన్ని విడగొట్టి తొలగించేది కిడ్నీలే. అవి దెబ్బతింటే ఇన్సులిన్ రక్తంలో ఎక్కువసేపు నిలిచి, షుగర్ పడిపోతుంది. జబ్బు నయమైందని సంబరపడుతున్న సమయంలోనే కిడ్నీలు పోతూ ఉండవచ్చు.

డాపాగ్లిఫ్లోజిన్ లాంటి కొత్త షుగర్ మాత్రలైతే కిడ్నీ జబ్బు ముదరకుండా నెమ్మదింపజేస్తాయి. 2020లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో షుగర్ లేని కిడ్నీ రోగులకు కూడా ఈ మందు మేలు చేసింది. ఎవరికి ఇవ్వాలో, ఎవరికి కూడదో డాక్టరే చెప్పాలి.

మిగతావి క్లుప్తంగా చెబుతాను. ఇన్సులిన్ మొదలుపెడితే ఆఖరి రోజులొచ్చినట్టు కాదు. తాటి బెల్లమైనా చెరకు బెల్లమైనా రక్తంలో షుగర్‌ను పెంచుతుంది. చోడి (రాగి) అంబలి మంచిదే, కానీ చెంబులకొద్దీ తాగితే అదీ పిండిపదార్థమే. కాకరకాయ రసం మాత్రకు బదులు కాదు. మందులు వాడుతూ షుగర్ నార్మల్‌కు వచ్చిందంటే ఆ మందు పనిచేస్తోందని అర్థం, ఆపేయమని కాదు.

షుగర్ ఉన్నవాళ్లు ఏడాదికి ఒకసారైనా రెండు పరీక్షలు అడిగి చేయించుకోండి: రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్. మూత్ర పరీక్షను చాలామంది వదిలేస్తున్నారు, ముందుగా పట్టిచ్చేది అదే. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు మందుల సంచి మొత్తం పట్టుకెళ్లండి. నొప్పి మాత్రలు, పొడులు కూడా అందులోనే ఉండనివ్వండి. మాత్రలు మానేసి ఉంటే ఆ సంగతి కూడా చెప్పండి, ఎవరైనా కసురుకున్నా సరే.