పిల్లోడికి మొదటి కారు: లోన్ డెస్క్ ఇవతల కూర్చుని నేను రోజూ వినే అపోహలు

బెంగళూరులో కార్ షోరూముల్లో లోన్ డెస్క్ మీద పదకొండేళ్ళుగా ఉన్నా. మాది మదనపల్లె. కేఆర్ పురం, మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ వైపు మనవాళ్ళు ఎక్కువ కదా, తెలుగు కస్టమర్ వస్తే సేల్స్ పిల్లలు నేరుగా నా టేబుల్ దగ్గరికే తోలేస్తారు. మే, జూన్ వచ్చిందంటే ఒకటే వరస, సెకండ్ పీయూ (మన ఇంటర్ రెండో ఏడాది) అయిపోయి ఇంజినీరింగ్ సీటు తేలి ఉంటుంది, కొడుక్కో కూతురికో 18 నిండి ఉంటాయి, అమ్మానాన్న చెరోపక్క కూర్చుంటే పిల్లోడు మధ్యలో ఫోన్‌లో సన్‌రూఫ్ వీడియోలు చూస్కుంటుంటాడు. కాఫీ వచ్చేలోపే నాన్న అడిగేస్తాడు, "నెలకి ఎంత పడతాది సార్?"

ఆ ఒక్క ప్రశ్న వినగానే మా పని సగం అయిపోయినట్టే. నెలకి ఎంత అని అడిగినవాళ్ళు మొత్తం ఎంత అని అడగరు, మిగతాదంతా ఆ అంకె కింద దాచేయొచ్చు. నేనూ దాచా, మొదటి మూడు నాలుగేళ్ళు, టార్గెట్ల కోసం. అందుకే ఇప్పుడు కూర్చుని రాస్తున్నా.

అపోహ: ఈఎమ్ఐ తగ్గితే లోన్ చవక

10 లక్షల లోన్, 9 శాతం వడ్డీ, రెడ్యూసింగ్ (మిగిలిన అప్పు మీదే వడ్డీ) అనుకోండి. ఐదేళ్ళకి ఈఎమ్ఐ 20,758, మొత్తం వడ్డీ దాదాపు 2 లక్షల 45 వేలు. అదే ఏడేళ్ళకి సాగదీస్తే ఈఎమ్ఐ 16,089కి దిగుతుంది, ఇంట్లో అందరి మొహాలూ వెలిగిపోతాయి, వడ్డీ మాత్రం 3 లక్షల 51 వేలు అవుతుంది. సరే లక్ష ఎక్కువైతే ఏమైంది, నెల నెలా ఊపిరాడుతుంది కదా అంటారు. అది కూడా ఒప్పుకుంటా, కానీ కొత్తగా స్టీరింగ్ పట్టినోడి కారుకి ఏడేళ్ళ లోన్ ఎందుకు వద్దంటానో వినండి.

ఆ కారు ఎక్స్ షోరూమ్ 9 లక్షలు, ట్యాక్స్, ఇన్సూరెన్స్ కలిపి ఆన్ రోడ్ 10 లక్షలు దాటింది, మీరు చేతి నుంచి పెద్దగా పెట్టకుండా 10 లక్షలూ లోన్ తీస్కున్నారు. మూడేళ్ళు దాటాక పిల్లోడు ఎక్కడో డివైడర్ ఎక్కించి బండి టోటల్ లాస్ అయింది. మామూలుగా వాడే డిప్రిసియేషన్ టేబుల్ ప్రకారం మూడేళ్ళు దాటిన బండికి 40 శాతం కొట్టేస్తారు, అంటే ఐడీవీ (బండి పూర్తిగా పోతే ఇన్సూరెన్స్ వాళ్ళు లెక్కగట్టే విలువ) 5 లక్షల 40 వేలు. అప్పటికి బ్యాంకుకి మీరు ఇంకా కట్టాల్సింది దాదాపు 6 లక్షల 46 వేలు. ఇన్సూరెన్స్ డబ్బు ముందు బ్యాంకుకే పోతుంది, బండి ఉండదు, లక్ష పైన అప్పు మిగులుతుంది. డౌన్ పేమెంట్ ఇంకాస్త పెట్టండి, ఐదేళ్ళు దాటొద్దు అని నేను గొంతు చించుకునేది దీనికే. రిటర్న్ టు ఇన్‌వాయిస్ అనే యాడ్ ఆన్ ఉంటుంది, టోటల్ లాస్ అయితే ఐడీవీ కాకుండా కొన్న బిల్లు ధర ఇచ్చేది, కొత్త బండికి మొదటి ఏళ్ళలో అది తీస్కోవడం మేలు.

ఇంకో మాయ ఫ్లాట్ రేటు. "అక్కడ 5 శాతానికే ఇస్తున్నారు, మీరేంటి 9 అంటారు" అని ఒకాయన నాతో గొడవ పడ్డాడు, పేపర్ మీద కూర్చోబెట్టి లెక్కేసి చూపించా. 10 లక్షలకి 5 శాతం ఫ్లాట్ అంటే ఏడాదికి 50 వేలు, ఐదేళ్ళకి రెండున్నర లక్షలు, ఈఎమ్ఐ 20,833. నా 9 శాతం ఈఎమ్ఐ 20,758. అంటే ఆయన చవక అనుకున్నది నాదానికన్నా 75 రూపాయలు ఎక్కువ. మీరు అసలు తీరుస్తూ వస్తున్నా ఫ్లాట్‌లో మొదటి రోజు అప్పు మీదే చివరిదాకా వడ్డీ వేస్తారు, అంతే తేడా. రేటు చెప్పినోడిని "ఫ్లాటా, రెడ్యూసింగా" అని ఒక్క మాట అడగండి. ముందే క్లోజ్ చేస్తే ఛార్జీ ఎంతో కూడా అప్పుడే అడిగేయండి, కార్ లోన్లు ఎక్కువగా ఫిక్స్‌డ్ రేటు మీద ఉంటాయి కాబట్టి ఫోర్‌క్లోజర్ ఛార్జీ తగిలే అవకాశం ఎక్కువ.

అపోహ: వాడి పేరు మీద తీస్కుంటే వాడికి సిబిల్ పెరుగుతాది

సిబిల్ అంటే అప్పులు కట్టిన రికార్డుకి ఇచ్చే స్కోరు. పాపం మంచి ఉద్దేశమే. కానీ చదువుకునే పిల్లోడికి శాలరీ స్లిప్ ఉండదు, ఐటీ రిటర్న్ ఉండదు, చాలా బ్యాంకులు 21 ఏళ్ళు, ఆదాయం అడుగుతాయి, చివరికి లోన్ నాన్న ఆదాయం మీదే వస్తుంది. పిల్లోడిని కో అప్లికెంట్‌గా ఇరికించారనుకోండి, మీ అకౌంట్లో డబ్బుల్లేక ఒక ఈఎమ్ఐ బౌన్స్ అయితే ఇద్దరి రికార్డులోనూ పడుతుంది. వాడు మొదటి ఉద్యోగం కూడా చూడకముందే ఆ మచ్చ. ఇదేనా మీరు పెంచుదామనుకున్న సిబిల్?

అపోహ: అమ్మ పేరు మీద కొంటే ఏ గొడవా లేదు

అమ్మ పేరు మీద కొంటే తప్పు లేదు. మన దగ్గర కార్ ఇన్సూరెన్స్ బండికి, ఓనర్ అనుమతితో సరైన లైసెన్స్ ఉన్నవాళ్ళు ఎవరు నడిపినా డామేజీ క్లెయిమ్ నడుస్తుంది, పిల్లోడి వయసు చూసి ప్రీమియం పెంచే పద్ధతి మామూలుగా లేదు. చాలామందికి తెలియని మెలిక ఇంకోటుంది. పాలసీలో 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ అని ఉంటుంది చూడండి, దాని పేరే ఓనర్ డ్రైవర్ కవర్. అది ఓనర్‌కి మాత్రమే, అదీ ఓనర్‌కి లైసెన్స్ ఉంటేనే. అమ్మకి లైసెన్స్ లేకపోతే ఆ కవర్‌కి అర్థమే లేదు, రోజూ నడిపే కొడుక్కేమో అది వర్తించదు. అందుకే కొడుక్కి విడిగా ఒక పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ తీస్కోమంటా, లేదా బండిలో కూర్చునేవాళ్ళకి, వేరే డ్రైవర్‌కి యాడ్ ఆన్ అడగమంటా. సన్‌రూఫ్‌కి 60, 70 వేలు ఎక్కువ పెట్టేవాళ్ళు దీనికి వెయ్యి రూపాయలు పెట్టడానికి నసుగుతారు!

అపోహ: 18కి రెండు నెలలే తక్కువ, లేఅవుట్‌లోనే కదా

వద్దండి. 2019లో మోటార్ వెహికల్స్ చట్టం మార్చి సెక్షన్ 199ఏ పెట్టారు. మైనర్ నడుపుతూ దొరికితే బండి ఓనర్‌కో తల్లిదండ్రులకో మూడేళ్ళ దాకా జైలు, 25 వేల ఫైను, బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు, ఆ పిల్లోడికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్స్ ఉండదు. రెండు నెలల తొందరకి ఏడేళ్ళ శిక్ష. 18 నిండాక ఎల్ఎల్ఆర్ (లెర్నర్ లైసెన్స్) తీస్కోండి, ఆరు నెలలు చెల్లుతుంది, 30 రోజులు దాటాక పర్మనెంట్ టెస్ట్‌కి పోవచ్చు. ఈలోపు ఎల్ బోర్డు, పక్క సీట్లో లైసెన్స్ ఉన్న మనిషి, రెండూ ఉండాల్సిందే. అవి లేకుండా గుద్దితే మీ బండి డామేజీ క్లెయిమ్ మీద ఆశ వదులుకోవచ్చు.

అపోహ: మన ఊళ్ళో రిజిస్టర్ చేయిస్తే ట్యాక్స్ మిగులుతాది

అనంతపురం, చిత్తూరు అడ్రస్ ఉన్న ప్రతి రెండో ఇల్లు ఇది అడుగుతుంది. నిజమే, కర్ణాటక లైఫ్ ట్యాక్స్ ఎక్కువే, 5 నుంచి 10 లక్షల బండికి 14 శాతం, 10 నుంచి 20 లక్షల బండికి 17, ఆ ట్యాక్స్ మీద మళ్ళీ 11 శాతం సెస్. కానీ బండి ఇక్కడే తిరిగేదైతే సెక్షన్ 47 ప్రకారం 12 నెలలు దాటాక ఇక్కడి నంబర్ వేయించుకోవాలి, దానికి ఆ ఊరి ఆర్టీఓ ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం), బ్యాంకు ఎన్ఓసీ, ఇక్కడ మళ్ళీ ట్యాక్స్, అక్కడ కట్టిన దాంట్లో రీఫండ్ కోసం తిరుగుడు. ఈ తిరుగుడు నాన్నకి, రోడ్డు మీద పోలీసు ఆపితే సమాధానం చెప్పుకునే పని పిల్లోడికి.

ట్యాక్స్ నిజంగా మిగుల్చుకోవాలంటే ఆ 10 లక్షల గీత దగ్గర చూస్కోండి. 9 లక్షల 90 వేల వేరియంట్‌కి ట్యాక్సు, సెస్సు కలిపి దాదాపు 1 లక్షా 54 వేలు. "ఇంకో 30 వేలు పెడితే పెద్ద స్క్రీన్ వస్తుంది సార్" అన్నాడని 10 లక్షల 20 వేల వేరియంట్‌కి దూకితే అది 1 లక్షా 92 వేలు. స్క్రీన్‌కి 30 వేలు, స్క్రీన్ పెట్టినందుకు ప్రభుత్వానికి 38 వేలు. పైన 1 శాతం టీసీఎస్ (10 లక్షలు దాటిన బండి అమ్మేటప్పుడే వసూలు చేసే ఇన్‌కమ్ ట్యాక్స్) వేరే, అది రిటర్న్ ఫైల్ చేస్తే సర్దుబాటవుతుంది లెండి, కానీ ఆ రోజు చేతి నుంచి పోయేదే.

అపోహ: 5 స్టార్ ఉంది, 6 ఎయిర్‌బ్యాగులు ఉన్నాయి, ఇంక భయం లేదు

భారత్ ఎన్‌క్యాప్ (కార్లని గుద్దించి చూసి స్టార్లు ఇచ్చే మన దేశపు పరీక్ష) 2023 అక్టోబర్‌లో మొదలైనప్పటి నుంచి స్టార్లు అడిగే కస్టమర్లు పెరిగారు, సంతోషం. కానీ ఆ ముందు వైపు గుద్దే పరీక్ష చేసేది గంటకి 64 కిలోమీటర్ల స్పీడ్‌లో. మీవాడు అర్ధరాత్రి నెలమంగళ హైవే మీద 120లో పోతే ఆ స్టార్లు ఎన్ని లెక్కలోకొస్తాయో మీరే ఆలోచించండి. ఎయిర్‌బ్యాగ్ కూడా బెల్ట్ పెట్టుకున్నోడికే పనికొస్తుంది, పెట్టుకోనోడి మొహానికి అదే దెబ్బ. కొత్త డ్రైవర్‌కి వేరియంట్ ఎంచేటప్పుడు నేను మొదట చూసేది ఈఎస్‌సీ (ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్), వానలో మలుపు దగ్గర జారకుండా పట్టేది అదే. తర్వాత హిల్ హోల్డ్ (ఎత్తు మీద ఆపి కదిలేటప్పుడు వెనక్కి జారకుండా పట్టేది), రివర్స్ కెమెరా. సన్‌రూఫ్ లిస్టు చివర్లో.

ఆటోమేటిక్ తీస్కుంటే గేర్ల బండి లైసెన్స్ రాదు అనేది కూడా తప్పు, కారు లైసెన్స్‌లో ఆ తేడా లేదు. సిల్క్ బోర్డ్, టిన్ ఫ్యాక్టరీ ట్రాఫిక్‌లో క్లచ్ తొక్కి తొక్కి మోకాలు పోగొట్టుకోమని నేనైతే ఎవరికీ చెప్పను. అయితే ఏఎంటీ (మాన్యువల్ గేర్‌బాక్సే, గేర్లు బండే మార్చుకుంటుంది) తీసుకునేవాళ్ళు టెస్ట్ డ్రైవ్ మెయిన్ రోడ్డు మీద చేసి వచ్చేయొద్దు, మీ అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్ ర్యాంప్ ఎక్కించి సగంలో ఆపి మళ్ళీ కదిలించండి. పోయినేడు హొరమావు దగ్గర ఒక కస్టమర్ పాప అలాగే ఆపింది, హిల్ హోల్డ్ లేని వేరియంట్, బ్రేక్ మీద కాలు తీసి యాక్సిలరేటర్ అందుకునే లోపల బండి జానెడు జానెడు వెనక్కి జారుతుంటే వాళ్ళ నాన్న కిందనుంచి రెండు చేతులతో డిక్కీని ఆపుతున్నాడు, కారుని చేతులతో! నవ్వొచ్చింది కానీ ఆయన కాళ్ళ వెనక గోడ ఉంది. పై వేరియంట్ బుక్ చేశారు ఆ సాయంత్రమే.

అపోహ: ఇన్సూరెన్స్ షోరూమ్‌లోనే తీస్కోవాలి

రూల్ లేదు. బయట కోట్ తెచ్చి చూపించండి, అక్కడికక్కడే మా రేటు తగ్గుతుంది.

అపోహ: ముహూర్తం ముఖ్యం, బండి తర్వాత చూస్కోవచ్చు

ఉగాదికి, ఆయుధ పూజకి మా డెలివరీ బేలో కాలు పెట్టే సందు ఉండదు. నిమ్మకాయలు టైర్ల కింద పెట్టేశారు, పూలదండ వేసేశారు, ఇంక అప్పుడు డోర్ మీద గీత కనిపించినా ఎవరు వెనక్కి పంపుతారు? అందుకే రిజిస్ట్రేషన్‌కి ముందే ఒక రోజు యార్డ్‌కి పోయి బండి చూడండి. టైర్ పక్కన నాలుగంకెల కోడ్ ఉంటుంది, 2225 అంటే ఆ టైర్ 2025లో 22వ వారం తయారైందని. ఛాసిస్ నంబర్ అడిగి బండి తయారైన నెల కనుక్కోండి, పోయినేడాది స్టాక్ అయితే డిస్కౌంట్ గట్టిగా అడగండి. ఒకసారి నంబర్ పడ్డాక మీ మాటకి మా దగ్గర విలువ ఉండదు, ఉన్నమాట చెప్తున్నా.

అపోహ: ఆఖరి ఈఎమ్ఐ కట్టేస్తే బండి మనదే

ఆర్సీ తీసి చూడండి, బ్యాంకు పేరు అట్లాగే ఉంటుంది. లోన్ క్లోజ్ అయ్యాక బ్యాంకు ఎన్ఓసీ, ఫారం 35 ఇస్తుంది, అవి ఆర్టీఓలో ఇచ్చి హైపోథికేషన్ (ఆర్సీలో బ్యాంకు తాకట్టు ఎంట్రీ) తీయించుకోవాలి, ఇన్సూరెన్స్ పాలసీలో కూడా బ్యాంకు పేరు కొట్టించాలి. ఎన్ఓసీ మామూలుగా 90 రోజులే చెల్లుతుంది. మొన్న ఒకబ్బాయి వచ్చాడు, ఐదేళ్ళ క్రితం వాళ్ళ నాన్నతో నా ఎదురుగా కూర్చుని సన్‌రూఫ్ కావాలని అలిగినోడే, ఇప్పుడు ఉద్యోగం వచ్చి పుణె పోతున్నాడంట, కారు అమ్ముదామని చూస్తే ఆర్సీలో బ్యాంకు పేరు. లోన్ తీరి పది నెలలైంది. ఎన్ఓసీ ఏదంటే కొరియర్ కవర్ చించకుండానే బీరువాలో పెట్టారంట వాళ్ళమ్మ, భద్రంగా ఉంటుందని. కొత్త ఎన్ఓసీకి మళ్ళీ అప్లై చేయించి పంపించా.