రోడ్డు కంటే ముందు వాగు ఉంది

ప్రియమైన పిల్లలకు,

కొత్త హైవే వస్తోందంటే అందరికీ సంబరమే. నేను చాలా ఏళ్లు రోడ్ల సర్వే పనిలో ఉన్నవాణ్ని, ఆ సంబరం నాకూ తెలుసు. మంచి రోడ్డు ఉంటే అంబులెన్సు సమయానికి చేరుతుంది, రోజూ చదువుకో పనికో వెళ్లేవాళ్లకు గంటలు కలిసొస్తాయి. రోడ్లు వద్దని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. రోడ్డు ఎటు పోవాలో తేల్చేటప్పుడు నీళ్లను ఎందుకు పట్టించుకోవాలో చెప్పాలని రాస్తున్నాను.

ఏ హైవే అయినా మొదట మ్యాపు మీద ఒక గీత. దాన్నే అలైన్‌మెంట్ అంటారు. ఆ దశలో రోడ్డును ఒక కిలోమీటరు పక్కకు జరపాలంటే గీత చెరిపి ఇంకో గీత గీస్తే సరిపోతుంది. భూసేకరణ అయిపోయి, మట్టి పోయడం మొదలయ్యాక జరపడం దాదాపు కుదరని పని. అందుకే వాగులు, చిత్తడి నేలలు బతికేదీ లేనిదీ చాలావరకు ఆ గీత దగ్గరే తేలిపోతుంది.

చిక్కేమిటంటే, గీత గీసేవాళ్ల కంటికి చిత్తడి నేల ఖాళీ జాగాలా కనబడుతుంది. ఇళ్లు ఉండవు, కూల్చాల్సినదేమీ ఉండదు, పరిహారం గొడవ తక్కువ. పైగా నడవడానికి వీలుగా ఉంటుందని సర్వేను ఎండాకాలంలో పెట్టుకుంటారు. పనిలో చేరిన కొత్తలో నేనూ ఒక పల్లపు నేలను అలాగే చూశాను. నెర్రెలు విచ్చిన మన్ను, అక్కడక్కడా ఎండిన తుంగ. హద్దురాళ్లు పాతుకుంటూ వెళ్లిపోయాం. వానలు పడ్డాక మళ్లీ వెళ్తే ఆ రాళ్లు ఒక్కటీ కనబడలేదు. మోకాలి లోతు నీళ్లు, ఎటు చూసినా కొంగలు, చెవులు హోరెత్తేలా కప్పల అరుపులు. ఆ తర్వాత ఏ నేలనైనా వానల్లో ఒకసారి చూడకుండా దాని గురించి మాట్లాడటానికి నాకు మనసొప్పలేదు.

అలాంటి నేల ఊరికే తడిగా పడి ఉండదు. వరద వచ్చినప్పుడు నీళ్లను పరుచుకోనిచ్చి, నెమ్మదింపజేసి, కొంచెం కొంచెంగా వదులుతుంది. దిగువన ఉన్నవాళ్ల మీద వరద ఒక్కసారిగా పడకుండా ఉండేది అందుకే. వానలు ఆగాక కూడా వాగుల్లో సన్నగా నీరు పారేది చాలాచోట్ల ఆ నిల్వ వల్లనే. గాలి చొరబడని ఆ బురదలో ఉండే సూక్ష్మజీవులు, పొలాల నుంచి కొట్టుకొచ్చిన నైట్రేట్లను నైట్రోజన్ వాయువుగా మార్చి గాలిలోకి పంపేస్తాయి. ఇలాంటి చిత్తడి నేలలను కాపాడటానికి 1971 ఫిబ్రవరి 2న ఇరాన్‌లోని రామ్‌సర్‌లో దేశాలు కలిసి ఒక ఒప్పందం చేసుకున్నాయి.

ఇక రోడ్డు ఏం చేస్తుందో చూడండి. పల్లంలో రోడ్డు వేయాలంటే ఎత్తుగా కట్ట పోయాలి. మనం దాన్ని రోడ్డు అంటాం, నీళ్లకు మాత్రం అది ఆనకట్టే. అమెరికాలోని ఫ్లోరిడాలో ఎవర్‌గ్లేడ్స్ అనే పెద్ద చిత్తడి ప్రాంతం ఉంది. అక్కడ నీళ్లు ఒక పాయగా కాకుండా, గడ్డి మధ్య నుంచి మైళ్ల వెడల్పున పలచగా దక్షిణానికి జారుతూ పోయేవి. 1928లో దానికి అడ్డంగా టామియామి ట్రెయిల్ అనే రోడ్డు తెరిచారు. పక్కన కాలువ తవ్వి ఆ మట్టినే కట్టగా పోశారు. ఉత్తరాన నీళ్లు నిలిచిపోయాయి, దక్షిణాన ఎండిపోయింది. ఆ తప్పు దిద్దడానికి 2013లో ఒక మైలు పొడవున వంతెన కట్టి, కింద నీళ్లకు దారి వదిలారు. 2019 నాటికి మరికొంత దూరం వంతెనలు వేశారు. అంటే దిద్దడం మొదలవడానికే ఎనభై ఏళ్లు దాటింది.

ముందే ఆగినవాళ్లూ ఉన్నారు. పోలండ్‌లో అవుగుస్తుఫ్ అనే పట్టణం మధ్య నుంచి లారీలు వరసగా పోతుంటే జనం నిజంగానే అవస్థ పడ్డారు, వాళ్లకు బైపాస్ అవసరమే. కానీ గీత రోస్పుడా అనే నది లోయలోని చిత్తడి మీదుగా పడింది. 2007లో పెద్ద నిరసనలు జరిగాయి, విషయం యూరప్ కోర్టుదాకా వెళ్లింది. 2009లో ప్రభుత్వం దారి మార్చింది. 2014లో బైపాస్ వేరే దారిన తెరుచుకుంది. లోయ అలాగే ఉంది, లారీలకూ దారి దొరికింది. నాకు ఇష్టమైన కథ ఇదే.

చిన్న వాగుల సంగతి ఇంకో రకం. వాగు మీద రోడ్డు పడినప్పుడు ఖర్చు తగ్గుతుందని కింద ఒక గొట్టం పెట్టి వదిలేస్తారు. వెడల్పుగా వచ్చే నీళ్లు ఇరుకు గొట్టంలో దూరి వేగంగా బయటపడతాయి. ఆ ధాటికి అవతల నేల కోసుకుపోయి గుంట పడుతుంది. కొన్నేళ్లకు గొట్టం చివర గాలిలో వేలాడుతుంది. గుడ్లు పెట్టడానికి ఎదురీదుకుంటూ వచ్చిన చేప అక్కడ ఆగిపోవాల్సిందే. వాగు వెడల్పు కంటే కాస్త ఎక్కువ వెడల్పుతో, అడుగున వాగు సొంత ఇసుక, రాళ్లు అలాగే ఉండేలా కల్వర్టు కడితే ఈ బాధ ఉండదు. చిన్న వంతెన అయితే మరీ మంచిది.

రోడ్డు మీద నుంచి దిగే నీళ్లు కూడా వాగుకు ప్రమాదమే. టైర్లు అరిగి రాలే పొడిలోని ఒక రసాయనం, ఓజోన్ తగిలి మారినప్పుడు కోహో సాల్మన్ అనే చేపలను చంపేస్తోందని 2020లో శాస్త్రవేత్తలు కనుక్కున్నారు. వాన పడగానే ఆ చేపలు వాగుల్లో ఎందుకు చచ్చిపోతున్నాయో అంతకుముందు ఎవరికీ అర్థం కాలేదు. అదే నీటిని మట్టి, ఇసుక, ఆకుల ఎరువు పొరల గుండా ఇంకనిచ్చి పంపితే చేపలు బతికాయి. కాబట్టి రోడ్డు డ్రైనేజీని నేరుగా వాగులోకి తిప్పకూడదు.

ఇంజనీర్లు చెప్పే వరుస ఒకటుంది. ముందు తప్పించు, కుదరకపోతే నష్టం తగ్గించు, అదీ కుదరకపోతే మరోచోట భర్తీ చెయ్యి. మూడోదాని మీద నాకు నమ్మకం తక్కువ. ఒకచోట పూడ్చి ఇంకోచోట గుంట తవ్వితే నీళ్లు నిలవచ్చు, కానీ ఆ మన్ను ఎక్కడి నుంచి వస్తుంది? చిత్తడిలో కుళ్లీ కుళ్లని మొక్కలతో తయారయ్యే పీట్ అనే నల్లమన్ను ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు పేరుతుంది. మీటరు మందం కావాలంటే వెయ్యేళ్లు.

మీకు ఒక పని చెబుతాను. ఈసారి గట్టి వానలు పడ్డప్పుడు, మీ చుట్టుపక్కల నీళ్లు ఎక్కడ నిలిచాయో, ఎటు పారాయో పెద్దవాళ్లను వెంటబెట్టుకుని చూడండి. లోతు నీళ్లలోకి మాత్రం దిగకండి. ఫొటో తీసి, తేదీ రాసిపెట్టుకోండి. వరద తగ్గాక చెట్ల మొదళ్ల మీద బురద గీత ఉంటుంది, కొమ్మల్లో చెత్త ఇరుక్కుని ఉంటుంది, అది ఎంత ఎత్తున ఉందో కొలవండి. వాగు పాత దారి తెలిసిన ముసలివాళ్లు ఉంటే అడిగి రాసుకోండి. రేపు ఎవరైనా మ్యాపు పరిచి ప్రజాభిప్రాయం అడిగినప్పుడు, ఎండాకాలం సర్వేలో లేనిది మీ నోటుబుక్కులో ఉంటుంది. దాన్ని తీసుకెళ్లి మ్యాపు పక్కన పెట్టండి.

ప్రేమతో,
మీ తాతయ్య