సారం ఆకు లోపల లేదు, ఆకు మీద ఉంది

రావులపాలెం నుంచి ఒక డిగ్రీ కుర్రాడు అడిగాడు. "మాస్టారూ, పేపర్లో తరచూ లిక్విడ్ గంజాయి పట్టివేత అని వస్తోంది. కెమికల్స్ పోసి తీసిందే ప్రమాదమని, సాల్వెంట్ లేకుండా ఇంట్లో తీసింది నేచురల్ కాబట్టి ఏమీ కాదని మా ఫ్రెండ్ ఒకడు వాదిస్తున్నాడు. నిజమేనా?"

ఏజెన్సీ నుంచి దిగే సరుకు మన హైవే మీదుగానే పోతుంది కాబట్టి ఈ ప్రశ్న మన డెల్టాలో పుట్టడంలో వింత లేదు. లిక్విడ్ గంజాయి అంటే గంజాయి మొక్క నుంచి వేరుచేసిన చిక్కటి సారం, సాల్వెంట్ అంటే ఆ సారాన్ని కరిగించి లాగే ద్రావకం. ఎలా తీస్తారన్నది ఇక్కడ రాయను. మొక్కలో ఆ సారం ఎక్కడ ఉంటుందో తెలిస్తే చాలు, అతని ప్రశ్నకు జవాబు దానంతట అదే వస్తుంది. అందుకు గంజాయి మొక్క అక్కర్లేదు, పెరట్లో తులసికోట చాలు.

తులసి ఆకు ఒకటి కోసి అడుగు వైపు తిప్పి, మంచి భూతద్దంతో ఎండలో చూడండి. ఈనెల మధ్య మెరిసే చుక్కలు కనిపిస్తాయి. ఒక్కో చుక్క ఒక్కో నూనె తిత్తి. తులసి పక్కన ఊరికే నిలబడితే అంతగా రాని వాసన, ఆకు నలపగానే గుప్పుమంటుంది. మన వేళ్ళ కింద ఆ తిత్తులు వందల్లో పగులుతాయి మరి. ఆకు మీది నూగును వృక్షశాస్త్రంలో ట్రైకోమ్ అంటారు. నూగులో కొన్ని ఉత్త వెంట్రుకలు, కొన్ని గ్రంథులు. మనకు కావలసింది గ్రంథులు. కడియపులంక వైపు పెంచే మరువం, దవనం వాసన కూడా ఇలాంటి గ్రంథులదే. పాఠ్యపుస్తకాలు పత్రరంధ్రానికి పేజీలు కేటాయించి దీన్ని ఒక్క వాక్యంతో దాటేస్తాయి. అది నాకు చాలా బాధగా ఉంటుంది. పిల్లల ముక్కుకు తెలిసిన విషయాన్ని కంటికి చూపించే అవకాశం చేతులారా పోగొడుతున్నాం.

ఈ గ్రంథి కట్టడం చూడాలంటే ఊళ్ళో మంచినీళ్ళ ఓవర్‌హెడ్ ట్యాంకును గుర్తు తెచ్చుకోండి. కింద స్తంభాలు, వాటి మీద శ్లాబు, శ్లాబు మీద ట్యాంకు. గ్రంథిలో స్తంభం అంటే కాడ కణాలు. శ్లాబు అంటే స్రవించే కణాలు. తులసి పెద్ద గ్రంథుల్లో ఇవి నాలుగు, పుదీనాలో ఎనిమిది. ట్యాంకు గోడ మాత్రం ఎవరూ కట్టింది కాదు. ఆకు మొత్తాన్ని కప్పే మైనపు పొర క్యూటికిల్ ఉంది కదా, శ్లాబు కణాలు నూనెను పైకి వదిలేకొద్దీ ఆ పొర లేచి బుడగలా ఉబ్బుతుంది. అంటే నిండే సరుకే తన ట్యాంకును తాను తయారుచేసుకుంటుంది. కింద నుంచి ఎక్కేది నీళ్ళు కాదు, చక్కెర. శ్లాబు దగ్గర అది నూనెగా మారుతుంది. తులసి, పుదీనా కుటుంబంలో కాడ కణం పక్క గోడలకు కూడా మైనపు పూత ఉంటుంది, పైకి పోయిన సరుకు గోడల వెంట కిందికి ఊరకుండా. తులసిలో స్తంభం చాలా పొట్టి, ట్యాంకు దాదాపు నేల మీదే కూర్చుంటుంది. ఆడ గంజాయి పువ్వును కప్పే చిన్న ఆకుల మీద మాత్రం స్తంభం పొడుగ్గా లేచి, దాని తల మీద ట్యాంకు నిలబడుతుంది. ఆ తల అడ్డుకొలత మన వెంట్రుక మందానికి అటూ ఇటూగా ఉంటుంది. స్తంభానికీ తలకూ మధ్య మెడ బలహీనం, చిన్న రాపిడికే తెగుతుంది.

ఇంత ఖర్చు పెట్టి బయట ఎందుకు కట్టుకుంది? లోపల దాచుకుంటే మొక్కే చస్తుంది కనుక. గంజాయి కణాలు ముందు ఒలివెటాలిక్ ఆమ్లం, జెరానైల్ పైరోఫాస్ఫేట్ అనే రెండు పదార్థాలను అతికించి కన్నాబిజెరోలిక్ ఆమ్లం చేస్తాయి. గంజాయిలో మత్తెక్కించే పదార్థం పేరు టీహెచ్‌సీ. కన్నాబిజెరోలిక్ ఆమ్లాన్ని టీహెచ్‌సీ ఆమ్లంగా మార్చే ఎంజైమును కణాలు తమ దగ్గర ఉంచుకోకుండా ట్యాంకులోకి నెట్టేస్తాయి. ఆ ఎంజైము ఆక్సిజన్‌ను వాడుకుని, పని అయ్యాక హైడ్రోజన్ పెరాక్సైడ్ వదులుతుంది. ఆ టీహెచ్‌సీ ఆమ్లాన్నే గంజాయి కణాల మీద వేసి చూస్తే కణాలు చచ్చిపోయాయి. పురుగుకు పెట్టాల్సిన విషం తన ఒంటికి తగలకుండా మొక్క చేసుకున్న ఏర్పాటు ఇది. ఇంకో సంగతి, పచ్చి మొక్కలో ఉన్న ఆ ఆమ్లం మత్తు ఎక్కించదు. వేడి తగిలితే ఒక కార్బన్ డయాక్సైడ్ అణువు ఊడిపోతుంది. అణుభారం 358 నుంచి 314కు దిగుతుంది, మిగిలిందే మత్తెక్కించే టీహెచ్‌సీ. దాని నిర్మాణాన్ని 1964లో ఇజ్రాయెల్‌లో గవోనీ, మెషూలమ్ తేల్చారు.

తులసి సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. అందులో పాదరసం ఉంది, పళ్ళతో నమలకూడదు అంటూ వాట్సాప్‌లో తిరిగే దాన్ని నమ్మకండి. నాలుక మీద చురుక్కుమనేది యూజెనాల్, లవంగంలో ఉండేదే. తులసి రాత్రిళ్ళు ఆక్సిజన్ ఇస్తుందన్నదీ అంతే, వెలుగు లేనిదే ఏ ఆకూ ఆక్సిజన్ ఇవ్వదు. పూజ చేసుకోండి, ప్రదక్షిణ చేసుకోండి, దానికి ఈ అబద్ధాల సాయం ఎందుకు?

గోదావరి లంకల్లో పొగాకు తలలు తుంచి, పిలకలు తీసే కూలీల చేతులు చూసినవాళ్ళకు ఈ గ్రంథుల గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. మధ్యాహ్నానికి అరచేతులు నల్లగా జిగురు కట్టి, వేళ్ళు ఒకదానికొకటి అంటుకుంటాయి. ఆ జిగురు పొగాకు ఆకు నూగుదే. హిమాలయాల్లో పచ్చి గంజాయిని చేతులతో నలిపినప్పుడు అరచేతికి అంటే చరస్ కూడా ఇలాంటిదే, సాల్వెంట్ చుక్క లేనిదే. అయితే పొగాకులో నికోటిన్ కథ వేరు. అది వేర్లలో తయారై నీళ్ళతో పాటు ఆకుకు ఎక్కుతుంది. పొగాకు వేరు మీద టమాటా కొమ్మ అంటుకడితే టమాటా ఆకులోనూ నికోటిన్ వస్తుంది. గంజాయిలో టీహెచ్‌సీ అలా కింద నుంచి ఎక్కదు, ఏ భాగం మీద గ్రంథులు ఎక్కువో ఆ భాగంలోనే ఎక్కువ.

ఇప్పుడు సాల్వెంట్ మాట. మన రైస్ మిల్లుల తవుడు నూనె ప్లాంట్లకు పోతుంది. తవుడులో నూనె బరువులో దాదాపు ఐదో వంతే, అదీ మెత్తటి పిండిలో కలిసిపోయి ఉంటుంది, గానుగకు లొంగదు. అందుకే హెక్సేన్ అనే సాల్వెంట్ పోసి కరిగిస్తారు. అది 69 డిగ్రీలకే మరుగుతుంది కాబట్టి ఆవిరి చేసి వెనక్కి పట్టుకుంటారు, తర్వాత నూనెను శుద్ధి చేస్తారు. గంజాయి నుంచి ఇళ్ళల్లో బ్యుటేన్ గ్యాస్‌తో సారం తీయబోయి పేలుళ్ళు జరిగిన దేశాలున్నాయి. సాల్వెంట్ లేకపోతే ఆ పేలుడు భయం, సారంలో మిగిలిపోయే గ్యాస్ భయం ఉండవు. ఆ స్నేహితుడి వాదనలో నిజం అంతవరకే.

సాల్వెంట్‌లో కరిగినా అవే ట్యాంకులు, రాపిడికి తెగి రాలినా అవే ట్యాంకులు. చేతికొచ్చేది పువ్వులో పదోవంతో ఐదోవంతో ఉండే టీహెచ్‌సీ కాదు. చట్టబద్ధంగా అమ్మే దేశాల్లో పరీక్షిస్తే ఇలాంటి గాఢ సారాల్లో 60 శాతం దాటడం మామూలే. గుండె దడ, విపరీతమైన భయం, లేనివి వినిపించడం, ఆగని వాంతులు, వీటన్నిటికీ కారణం టీహెచ్‌సీ. అది ఏ దారిన వచ్చిందో మెదడుకు తెలియదు. పైగా ఆ జిగురు కొవ్వు స్వభావం కలది, మొక్క మీద కొట్టిన పురుగుమందుల్లో చాలా వాటిదీ అదే స్వభావం. అవి జిగురును పట్టుకునే ఉంటాయి, సారంతో పాటు చిక్కబడతాయి. రాలే దుమ్ములో బూజు బీజాలు ఉంటే అవీ వస్తాయి. శరీరంలోనూ టీహెచ్‌సీ కొవ్వులోకి చేరి మెల్లగా బయటికి వస్తుంది, అందుకే రోజూ వాడేవాళ్ళ మూత్రంలో మానేసిన వారాల తర్వాత కూడా ఆనవాళ్ళు దొరుకుతాయి.

చట్టం కూడా ఈ గ్రంథిని గుర్తించే రాసుకుంది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్)లో పూత, కాయ ఉన్న కొమ్మ చివర్లు గంజాయి. వేరుచేసిన జిగురు ఏ రూపంలో ఉన్నా చరస్, పేపర్లు లిక్విడ్ గంజాయి అనే హ్యాష్ ఆయిల్ కూడా అందులోకే వస్తుంది. ఏ పద్ధతిలో వేరుచేశారని చట్టం అడగదు. పెద్ద శిక్షకు హద్దుగా పెట్టిన బరువును చట్టం వాణిజ్య పరిమాణం అంటుంది. గంజాయికి అది 20 కిలోలు, చరస్‌కు కిలో. ఆ కిలో దాటితే పడే శిక్ష పదేళ్ళకు తక్కువ కాని కఠిన జైలు, లక్ష రూపాయలకు తక్కువ కాని జరిమానా.