గ్యాస్ అనుకుంటూ పోగొట్టుకునే గంటలు: 108కి ఎప్పుడు ఫోన్ చేయాలి? అపోహలు - వాస్తవాలు

నెల్లూరు జిల్లా మెట్ట మండలాల్లో 108 అంబులెన్సులో ఈఎంటీగా (ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్‌గా) పనిచేస్తున్నాను. పేషెంటు దగ్గరికి చేరగానే నేను అడిగే మొదటి ప్రశ్న, "ఎప్పుడు మొదలైంది?" ఫోన్ ఎప్పుడు వచ్చిందో నా దగ్గర రాసి ఉంటుంది. ఈ రెండు టైముల మధ్య ఏం జరిగిందో అడిగితే కింద రాసిన మాటల్లో ఏదో ఒకటి బయటికొస్తుంది.

అపోహ: ఛాతీలో మంటంటే గ్యాసే.

మా వైపు దీనికి ఒక వరస ఉంది. ముందు సోడా. తర్వాత ఈనో. ఆపైన ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు, ఆయన వేసే గ్యాస్ ఇంజెక్షను. అప్పటికీ తగ్గకపోతే నెల్లూరులో ఉన్న బావమరిదికి ఫోను. ఆయన "108కి చేశారా?" అని అరిస్తే అప్పుడు మేము గుర్తొస్తాం. వింజమూరు వైపు ఒక పల్లెలో రైతుకు తెల్లవారుజామున నాలుగింటికి నొప్పి మొదలైతే మాకు ఫోన్ వచ్చింది ఎనిమిదిన్నరకి. మనిషి దక్కాడు. కానీ ఇప్పుడు పొలం గట్టు దాకా నడిచినా ఆయాసమే.

వాస్తవం ఏంటంటే, అది గ్యాసో గుండెపోటో చూసి చెప్పడం నావల్ల కూడా కాదు. ఈసీజీ తీయాలి. ఒక్కోసారి మొదటి ఈసీజీ కూడా మామూలుగానే వస్తుంది. అందుకే ఛాతీ మీద బండ పెట్టినట్టున్నా, నొప్పి చేతికో దవడకో వీపుకో పాకుతున్నా, చల్లటి చెమటలు పడుతున్నా ఆగకండి. షుగరు ఉన్నవాళ్లకు, ఆడవాళ్లకు, ముసలివాళ్లకు నొప్పి లేకుండా ఉత్త ఆయాసం, నీరసం, చెమటతోనే రావచ్చు. "నొప్పేం లేదబ్బాయా, ఒళ్లంతా చెమటలు, అంతే" అని పెద్దాయన ఎవరన్నా అంటే నాకు టెన్షన్ మొదలయ్యేది అందుకే. మేము వచ్చేలోపు ఆయన్ను నడిపించొద్దు. ఇద్దరి మధ్య ఇరికించి బైకు మీద అసలే తేవద్దు. చివరికి గ్యాసని తేలితే మేమేమీ అనుకోం, సంతోషంగా వెనక్కి వస్తాం.

అపోహ: పక్షవాతం ఒకసారి వచ్చాక తొందరపడి చేసేదేం లేదు.

పడిపోయిన చేతికి పావురం రక్తం పూసి బండెక్కించిన పేషెంట్లను చూశాను. నాటుమందుకు వేరే ఊరు తీసుకెళ్లి, మూడో రోజు మాకు చేసినవాళ్లూ ఉన్నారు. మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడితే దాన్ని కరిగించే ఇంజెక్షను సాధారణంగా నాలుగున్నర గంటల్లోపు పడాలి. అంతకుముందు స్కానింగ్ తీసి రక్తస్రావం లేదని చూడాలి. ఉదయగిరి నుంచి నెల్లూరు చేరడానికే ఎంత టైము పడుతుందో మీకు తెలుసు కదా, ఇక లెక్క వేసుకోండి. మూతి వంకరపోయినా, ఒక చెయ్యి పైకెత్తితే వాలిపోతున్నా, మాట ముద్దగా వస్తున్నా వెంటనే ఫోన్. అవి పది నిమిషాల్లో తగ్గిపోయినా సరే. మనిషి చివరిసారి మామూలుగా ఉన్నది ఎన్ని గంటలకో గుర్తుపెట్టుకోండి, ఆసుపత్రిలో డాక్టరు అడిగేది అదే. నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

యాక్సిడెంట్ల దగ్గర ఇంకో అపోహ: గట్టిగా అరిచేవాడే సీరియస్ అని. అరుస్తున్నాడంటే ఊపిరి ఆడుతోంది, స్పృహ ఉంది. నేను ముందు చూసేది పక్కన మాట్లాడకుండా పడున్న మనిషిని. మొన్న బద్వేలు రోడ్డులో జనమంతా కాలు విరిగిన కుర్రాడి చుట్టూ మూగారు. వాడి వెనక కూర్చుని వచ్చినతను కాస్త దూరంలో గురక పెడుతున్నాడు. "నిద్రపోతున్నాడన్నా" అన్నారెవరో. తలకు దెబ్బ తగిలినవాడి గురక నిద్ర కాదు. నాలుక వెనక్కి పడి ఊపిరి దారి మూసుకుపోతోందన్నమాట.

ఫోన్ చేస్తే పోలీసు కేసులో ఇరుక్కుంటామనే భయం ఇంకా ఉంది. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణలో 134ఎ సెక్షన్ వచ్చింది. సాయం చేసినవాళ్ల మీద సివిల్, క్రిమినల్ కేసులు ఉండవు, పేరు చెప్పమని బలవంతం చేయకూడదు. ఇక డబ్బుల సంగతి. 108 సేవ 2005లో మొదలైనప్పటి నుంచీ ఉచితమే.

అపోహ: పాము కరిచిన చోట నొప్పి, వాపు లేకపోతే విషం ఎక్కలేదు.

కట్లపాము ఎక్కువగా రాత్రిపూట, కింద పడుకున్నవాళ్లను కరుస్తుంది. గాటు కూడా కనిపించకపోవచ్చు. తెల్లారి కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం, ఆ తర్వాత ఊపిరి అందకపోవడం. తాడు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం, మంత్రం, ఏవీ వద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచండి. పామును వెతుకుతూ పొదల్లో దూరకండి, రెండో పేషెంటును ఎక్కించాల్సి వస్తుంది.

సొంత కారుంటే అంబులెన్సెందుకు అంటారు. ఇది పూర్తిగా అపోహ అనను. మెట్ట పల్లెల్లో మా బండి అప్పటికే వేరే కేసులో ఉంటే కారే నయం. అయినా ముందు ఫోన్ చేసి అడగండి, దారిలో ఎదురొచ్చి మా బండిలోకి మార్చుకోవచ్చు. కానీ మనిషి పలకకుండా, ఊపిరి సరిగా లేకుండా ఉంటే కారెక్కించడం కాదు, అక్కడే నేల మీద పడుకోబెట్టి ఛాతీ మధ్యలో నొక్కాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, పెద్దవాళ్లకైతే ఐదు సెంటీమీటర్ల లోతు. కారు వెనక సీటులో ఆ పని కుదరదు.

ఇవేవీ లేకుండా రెండు రోజుల జ్వరానికో, డిశ్చార్జి అయ్యి ఇంటికి పోవడానికో చేస్తే మాత్రం కోపం వస్తుంది. దాచుకోను.

ఫోన్లో ఊరి పేరొక్కటే చెబితే చాలదు. మా జిల్లాలో ఒకే పేరుతో ఎన్ని పాళేలున్నాయో! మండలం చెప్పండి, గుడో వాటర్ ట్యాంకో గుర్తు చెప్పండి, ఆ తర్వాత ఫోన్ బిజీగా ఉంచకండి. రాత్రయితే ఒకరు టార్చి పట్టుకుని రోడ్డు మీద నిలబడండి. కుక్క ఉంటే కట్టేయండి. మా పైలట్‌ను (బండి డ్రైవరును) ఇప్పటికి రెండుసార్లు కరిచాయి.