స్టాపర్ మోకాలు

"ముప్పై మూడు దాటేసినోడు, పైగా మోకాలు కోయించుకున్నోడు, ఇంకేటాడతాడు?" అంటాడొకడు, శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గర టీ గ్లాసు పట్టుకుని. "తొమ్మిది నెలలైపోనాది కదేటి, డాక్టరు ఒప్పుకోకుండానే దిగుతాడేటి?" అని రెండోవాడు. మూడోవాడికి ఇద్దరి మాటా నచ్చదు: "కుర్రోడొకడు బాగా ఆడతన్నాడు, ఇప్పుడీడెందుకు మధ్యలో?" మాటంతా మోకాలి ఆపరేషన్ తర్వాత మళ్లీ దిగబోతున్న ఒక ఫుట్‌బాల్ స్టాపర్ గురించి, అంటే వెనక వరస మధ్యలో నిలబడి గోల్‌ని కాచేవాడి గురించి. మ్యాచ్ మొదలయ్యేది రాత్రి ఒంటిగంటన్నరకి. అప్పటిదాకా ఈ వాదన నడుస్తుంది. ఒకరిది వయసు లెక్క, ఒకరిది నెలల లెక్క, ఇంకొకరిది ఫామ్ లెక్క. మోకాలి లెక్క మాత్రం ఎవరూ తీయరు.

ముందు తేల్చుకోవాల్సింది, తెగింది ఏమిటని. 1994 ప్రపంచకప్‌లో ఇటలీ కెప్టెన్ ఫ్రాంకో బరేసీకి జూన్ 23న నార్వేతో మ్యాచ్‌లో మోకాలు దెబ్బతింది. అప్పటికి ఆయనకు 34 ఏళ్లు. ఆర్థ్రోస్కోపీ, అంటే చిన్న రంధ్రం గుండా కెమెరా పంపి చేసే కోత, చేశారు. జూలై 17న బ్రెజిల్‌తో ఫైనల్లో దిగి, అదనపు సమయంతో కలిపి 120 నిమిషాలూ ఆడాడు. మధ్యలో గడిచింది 24 రోజులే. (షూటౌట్‌లో ఆయన కొట్టిన బంతి బార్ మీదుగా పోయింది, ఆ సంగతి వేరు.) అదే లివర్‌పూల్ స్టాపర్ వర్జిల్ వాన్ డైక్‌ని చూడండి. 2020 అక్టోబర్ 17న దెబ్బ తగిలితే మళ్లీ మైదానంలో కనిపించింది 2021 జూలై 29న, అదీ ఫ్రెండ్లీ మ్యాచ్‌లో. ఆ మధ్యలో వచ్చిన యూరో (యూరప్ దేశాల కప్పు) పోటీలకు తానే రానన్నాడు.

బరేసీకి చిరిగింది మెనిస్కస్. తొడ ఎముకకీ కాలి ఎముకకీ మధ్య, అర్ధచంద్రాకారంలో వాషర్‌లా కూర్చునే మెత్త అది. మనవాళ్లు 'గుజ్జు' అని కలిపి చెప్పేసేవాటిలో ఇదొకటి. చిరిగిన అంచు లోపల ఇరుక్కుంటుంటే ఆ ముక్క కత్తిరించి తీసేస్తారు. అతుక్కోవాల్సింది ఏమీ ఉండదు కాబట్టి వాపు దిగి కండ మేలుకుంటే ఆడేయొచ్చు. అప్పు మాత్రం మిగిలిపోతుంది. తీసేసిన మెత్త మోయాల్సిన బరువు ఇకమీదట ఎముక చివర్ల మీద పడుతుంది, మోకాలు ముందే అరుగుతుంది. అందుకే ఇప్పుడు వీలైతే కుడతారు. రక్తం అందేది బయటి అంచుకే కనుక కుట్టు పట్టేదీ అక్కడే ఎక్కువ. కుడితే 24 రోజుల మాట మరిచిపోవాలి, నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది.

వాన్ డైక్‌కి తెగింది ఏసీఎల్ (యాంటీరియర్ క్రూసియేట్ లిగమెంట్). మోకాలి నడిమధ్యన వాలుగా ఉండే తాడు. పొడవు 3 సెంటీమీటర్ల పైచిలుకు, వెడల్పు సెంటీమీటరు. కాలి ఎముక ముందుకి జారకుండా, మెలి తిరగకుండా పట్టి ఉంచడం దాని పని. కుర్రవాళ్ల ఏసీఎల్ తెగాలంటే సుమారు 2,160 న్యూటన్ల బలం కావాలని ప్రయోగశాలలో కొలిచారు, అంటే రెండు క్వింటాళ్ల పైబడిన లాగుడు. కీలు లోపలి ద్రవంలో తడుస్తూ ఉంటుంది కనుక తెగిన కొసల మధ్య రక్తం గడ్డకట్టి వంతెనలా నిలవదు. దానంతటది అతుక్కోవడం అరుదు. అందుకని తొడ వెనక కండని ఎముకకి కట్టే నరాన్ని (టెండన్) నాలుగు మడతలు పెట్టో, మోకాలిచిప్ప కింది నరంలో మధ్య భాగాన్ని రెండు చివర్లా ఎముక ముక్కలతో సహా తీసో, ఎముకల్లో సొరంగం తొలిచి కొత్త తాడు బిగిస్తారు. దాన్నే గ్రాఫ్ట్ అంటారు.

టీ కొట్టు దగ్గర ఎవరికీ తట్టని సంగతి ఇక్కడుంది. బిగించిన రోజున ఆ గ్రాఫ్ట్ అసలు ఏసీఎల్ కంటే గట్టిది. నాలుగు మడతల నరం 4,000 న్యూటన్ల దాకా తట్టుకుంటుంది. తర్వాతే బలహీనపడుతుంది. రక్తనాళాలు తెంపి తెచ్చిన నరం కాబట్టి అందులో కణాలు చచ్చిపోతాయి. కొత్త రక్తనాళాలు లోపలికి పాకి, పాత కొల్లాజెన్‌ని, అంటే నరంలోని పీచుని, కరిగించి, కొత్తది పేర్చాలి. తాటాకింటికి కప్పు మార్చేటప్పుడు పాత ఆకు పీకేసి, కొత్త ఆకు ఇంకా వేయని వారం ఎలా ఉంటుందో అలాంటి దశ ఇది. సుమారు 6 నుంచి 12 వారాల మధ్య వస్తుంది. ఆటగాడికి నొప్పి పోయేదీ, మెట్లు పరిగెత్తి ఎక్కేయాలనిపించేదీ సరిగ్గా ఆ రోజుల్లోనే. బాగుందనిపించే మోకాలూ బలంగా ఉన్న మోకాలూ వేరువేరు. గ్రాఫ్ట్ పూర్తిగా ముదరడానికి ఏడాది నుంచి రెండేళ్లు పడుతుంది.

అయితే తొమ్మిది నెలల మాట ఎక్కడిది? గాలిలోంచి రాలేదు. నార్వే, అమెరికా పరిశోధకులు 106 మందిని రెండేళ్లు గమనించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, తొమ్మిది నెలల వరకు ఆగిన ప్రతి నెలకీ మళ్లీ దెబ్బతినే ప్రమాదం సుమారు సగానికి తగ్గింది. అదే అధ్యయనంలో దీనికంటే పెద్ద ముక్క ఉంది. బలం, గెంతు పరీక్షలు నెగ్గకుండా ఆటలోకి తిరిగొచ్చినవాళ్లలో 38 శాతానికి మళ్లీ మోకాలు దెబ్బతింది. నెగ్గి వచ్చినవాళ్లలో 5.6 శాతానికే. కాబట్టి తొమ్మిది నెలలు గేటు దగ్గర టికెట్ లాంటివి. లోపల సీటు దొరకాలంటే పరీక్షలు నెగ్గాలి.

ఆ పరీక్షలకి కోట్ల ఖర్చుపెట్టే క్లబ్బే అక్కర్లేదు. ఆర్ట్స్ కాలేజీ మైదానంలో టేపూ, సుద్దముక్కా, ఫోనూ ఉంటే సగం పని అయిపోతుంది.

మొదట నీరు చూడాలి. ఆటగాడిని కాలు చాపి వెల్లకిలా పడుకోబెట్టి, చిప్ప లోపలి పక్క నుంచి అరచేత్తో తొడ వైపు రెండు మూడుసార్లు పైకి నెట్టండి. తర్వాత బయటి పక్క పై నుంచి కిందికి ఒకసారి నిమరండి. లోపలి పక్క గుంటలో చిన్న అల ఉబికితే కీలులో నీరున్నట్టే. దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. కీలులో నీరుంటే వెన్నుపాము తొడ ముందు కండకి వెళ్లే ఆజ్ఞని తగ్గించేస్తుంది. ఎన్ని వ్యాయామాలు చేయించినా కండ పూర్తిగా బిగుసుకోదు. సాధన చేసిన మర్నాడు పొద్దున్న ఈ అల కనిపించిందంటే నిన్నటి పని ఎక్కువైందని అర్థం. రెండు రోజులు తగ్గించాలి.

తర్వాత తొడ. చిప్ప పై అంచు నుంచి 10 సెంటీమీటర్ల పైన గీత పెట్టి, దర్జీ టేపుతో రెండు తొడలూ కొలవండి. రెండు సెంటీమీటర్ల తేడా ఉంటే కండ ఇంకా రాలేదు. కొవ్వు కూడా టేపులోకి వస్తుంది కనుక ఇది ముతక కొలతే. అసలు కొలత, కూర్చుని కాలు చాపుతూ బరువెత్తే లెగ్ ఎక్స్‌టెన్షన్ మెషిన్ మీద, ఒక్కో కాలితో తీయాలి. మంచి కాలు 30 కిలోలు పదిసార్లు ఎత్తితే, కోసిన కాలు కనీసం 27 కిలోలు పదిసార్లు ఎత్తాలి. కోసిన కాలు మంచి కాలిలో 90 శాతమైనా చేయాలి అంటే అదే. కోత పడిన మొదటి నెలల్లో ఈ మెషిన్ మీద బరువు ఎంత, కాలు ఎంత వరకు చాపాలి అనేది ఫిజియో చెప్పాలి. మోకాలు పూర్తిగా చాచేటప్పుడు గ్రాఫ్ట్ మీద లాగుడు పెరుగుతుంది. ఈ లెక్కలో ఇంకో మోసం కూడా ఉంది. ఆరు నెలలు ఇంట్లో కూర్చుంటే మంచి కాలూ సన్నబడుతుంది. నీరసించిన కాలితో పోల్చి 95 శాతం అని సంబరపడితే ఎవర్ని మోసం చేసినట్టు? పెద్ద క్లబ్బులు సీజన్ మొదట్లోనే అందరి కొలతలూ రాసి పెట్టుకునేది ఇందుకే. విజయనగరంలో జిల్లా జట్టుకి ఆడే కుర్రాడికి కూడా ఒక నోటు పుస్తకంతో అయిపోయే పని ఇది.

బలం తెచ్చుకోవడానికి మనకేమీ తక్కువ లేదు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 110, 130 కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరిది శ్రీకాకుళం జిల్లాయే. స్క్వాట్ ర్యాకు దొరికే ఊళ్లో మోకాలి దెబ్బ తిన్నవాడు వేడి కాపడం పెట్టుకుంటూ కూర్చుంటే అది పరికరాల తప్పు కాదు.

గెంతు పరీక్షలు నాలుగు. ఒంటికాలితో ఒక గెంతు, వరసగా మూడు గెంతులు, 15 సెంటీమీటర్ల పట్టీని అటూ ఇటూ దాటుతూ మూడు గెంతులు, ఒంటికాలితో ఆరు మీటర్లు ఎంతసేపట్లో దాటాడనేది. మంచి కాలు 160 సెంటీమీటర్లు గెంతితే, కోసిన కాలు 150 గెంతితే 94 శాతం. దిగాక రెండు సెకన్లు కదలకుండా నిలబడాలి, తూలితే ఆ గెంతు లెక్కలోకి రాదు. దూరం ఒక్కటే చూస్తే మాత్రం మోసపోతాం. మోకాలితో చేయాల్సిన పనిని తుంటితోనూ, నడుం ముందుకి వంచీ లాక్కొచ్చేస్తారు. ఎదురుగా ఫోను పెట్టి వీడియో తీయండి. దిగేటప్పుడు మోకాలు లోపలికి వాలుతోందంటే దూరం 100 శాతం వచ్చినా తప్పినట్టే.

ఇంతవరకు ఫార్వర్డ్‌కైనా డిఫెండర్‌కైనా ఒకటే. ఇక స్టాపర్ సంగతి. ప్రొఫెషనల్ ఫుట్‌బాల్‌లో ఏసీఎల్ తెగిన వీడియోలు వరసగా పెట్టి చూస్తే, పదింట ఎనిమిదికి పైగా మోకాలి మీద నేరుగా ఎవరూ తన్నకుండానే తెగినవి. అన్నిటికంటే ఎక్కువ కనిపించేది, బంతి ఉన్నవాడి మీదికి ప్రెస్ చేస్తూ వెళ్లడం. అంటే డిఫెండర్ పనే. వేగంగా మీదికి వెళ్తాడు, అవతలివాడు ఒంట్లో చిన్న మెలిక చూపిస్తాడు, ఇతను ఆగబోయి కాలు పక్కకి దూరంగా పెడతాడు. మోకాలు దాదాపు నిటారుగా ఉంటుంది, బరువంతా మీద పడుతుంది, మోకాలు లోపలికి వాలుతుంది. పాదం నేలని తాకాక సెకనులో ఇరవయ్యో వంతు గడవకముందే తెగిపోతుంది. కాలు సర్దుకునేంత సమయం కాదది.

అందుకే తిన్నగా 30 మీటర్లు పరిగెత్తిన వీడియో పెట్టి 'వచ్చేశాడు' అంటే నమ్మక్కర్లేదు. స్టాపర్‌కి కావాల్సింది బ్రేకు. మొదట చెప్పిన చోట ఆగడం, తర్వాత 45 డిగ్రీల మలుపు, ఆపైన 90. తర్వాత వెనక్కి నడుస్తూ ఒక్కసారిగా తిరిగి పరుగు, హెడ్ చేసి ఒంటికాలి మీద దిగడం. ఇవన్నీ ముందే తెలిసిన దిక్కుకి చేయడం సులువే. చివరి మెట్టు, ఎదుటివాడు ఎటు పోతాడో తెలియకుండా చేయడం. జట్టుతో సాధన కూడా ఇలాగే. ముందు ఎవరూ తగలకుండా, తర్వాత తోపులాటతో, ఆపైన మ్యాచ్‌లో 20 నిమిషాలు, 45, ఆ తర్వాతే 90.

మైదానం పక్క అంచున కాచే సైడ్ బ్యాక్‌తో పోలిస్తే స్టాపర్‌కి ఒక మేలుంది. జట్టులో గోల్‌కీపర్‌ని మినహాయిస్తే తక్కువ దూరం పరిగెత్తేది స్టాపరే, మ్యాచ్‌కి 10 కిలోమీటర్లకి అటూ ఇటూ. గరిష్ఠ వేగంతో పరుగులూ తక్కువే. రెండడుగులు ముందే సరైన చోట నిలబడగలిగితే సగం పరుగు మిగులుతుంది, అది వయసుతో వచ్చే విద్య. కుర్రోడి కోసం వాదించేవాడు దీన్ని లెక్కలోకి తీసుకోడు.

వయసు సంగతిలో మొదటివాడి అనుమానం సగం తలకిందులు. గ్రాఫ్ట్ మళ్లీ తెగే ప్రమాదం ఎక్కువ ఉన్నది ఇరవై ఏళ్ల లోపు కుర్రాళ్లకి. ముప్పై దాటినవాడికి భయం మోకాలి దగ్గర కంటే తొడ వెనక కండ దగ్గర ఎక్కువ. వయసూ, పాత దెబ్బా రెండూ ఆ కండకి శత్రువులే, గ్రాఫ్ట్ అక్కణ్నుంచే తీసి ఉంటే ఇంకా జాగ్రత్త. ఇటలీ స్టాపర్ జార్జో కియెల్లీనికి 35వ ఏట, 2019 ఆగస్టు 30న ఏసీఎల్ తెగింది. 2020 ఫిబ్రవరికల్లా, ఆరు నెలలు నిండకుండానే మళ్లీ దిగాడు. 2021 జూలైలో వెంబ్లీలో యూరో కప్పు ఎత్తిన కెప్టెన్ ఆయనే. అలా అని అది అందరికీ దారి కాదు, తొమ్మిది నెలలనేది సంభావ్యత లెక్క, దాన్ని దాటి బయటపడేవాడు ఒకడుంటాడు. మన దేశపు స్టాపర్ సందేశ్ జింగన్ 2019 అక్టోబర్‌లో గాయపడి ఆ సీజన్ మొత్తం వదులుకున్నాడు, తర్వాతి ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) మొదటి మ్యాచ్‌కి, 2020 నవంబర్‌లో దిగాడు. ఇక యూరప్ క్లబ్బుల 15 ఏళ్ల లెక్కలో 90 శాతానికి పైగా ఏడాదిలోపు తిరిగొచ్చినా, మూడేళ్ల తర్వాత పై స్థాయిలో మిగిలింది 65 శాతం మందే. రావడం ఒకటి, నిలవడం ఇంకొకటి.

మన మైదానాల్లో తప్పు ఎక్కువగా జరిగేది తిరిగొచ్చేటప్పుడు కాదు, మొదటి రోజునే. 'టప్'మని చప్పుడు, రెండు మూడు గంటల్లో మోకాలు బూరెలా ఉబ్బడం, ఈ రెండూ ఉంటే లోపల రక్తం చేరినట్టే, ఏసీఎల్‌ని అనుమానించాలి. నాటు కట్టు కట్టించి, నూనె పోసి మర్దన చేయిస్తారు. నెలకి వాపు దానంతటదే దిగుతుంది, కట్టు వల్ల తగ్గిందనుకుంటారు. తిన్నగా నడవడానికి ఏసీఎల్ పెద్దగా అక్కర్లేదు కదా. వేసవిలో రాయిలా గట్టిపడిన నేల మీద పొడవాటి స్టడ్ల బూట్లేసుకుని దిగుతాడు. పాదం నేలకి పట్టుకుపోతుంది, ఒళ్లు తిరుగుతుంది, మోకాలు 'జారిపోతుంది'. అలా జారిన ప్రతిసారీ మెనిస్కస్ కొంచెం కొంచెం చిరుగుతుంది. కోతకి వచ్చేసరికి ఒకటి కాదు, రెండు బాగుచేయాలి.

2021 ఆగస్టు 14న, మనకి రాత్రి పదింటికి, నారిచ్ మీద వాన్ డైక్ లీగ్‌లో మళ్లీ దిగాడు. ఆ సీజన్లో లీగ్‌లోనే 34 మ్యాచ్‌లు ఆడాడు. ఈసారి ఇలాంటి మ్యాచ్ చూస్తే గోల్ దగ్గర ఏం జరుగుతోందో వదిలేయండి. డెబ్బయ్యో నిమిషం దాటాక, తల మీదుగా పొడవాటి బంతి పడుతుంది. స్టాపర్ వెనక్కి తిరగాలి. కోసిన కాలు పాతి తిరుగుతున్నాడా, దాన్ని తప్పించుకోవడానికి రెండు చిన్న అడుగులు అదనంగా వేసి మంచి కాలి మీద తిరుగుతున్నాడా చూడండి. ఆ రెండడుగుల్లోనే ఫార్వర్డ్ దాటిపోతాడు.